నాలుగైదు భాషల క్లాసులో ఇంగ్లిష్ టీచర్ కావాలంటే...

ప్రశ్న: మాది ఉట్నూరు దగ్గర తండా. ఆదిలాబాద్‌లో బీఏ ఆఖరి ఏడాది చదువుతున్నాను. గ్రూపు హిస్టరీ, ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్. ఇంట్లో లంబాడీ మాట్లాడతాం. సాయంత్రాలు 14 మంది పిల్లలకు ఇంగ్లిష్ ట్యూషన్ చెబుతున్నాను. వాళ్లలో గోండి, లంబాడీ, తెలుగు, ఉర్దూ మాట్లాడేవాళ్లున్నారు. ఒక అబ్బాయిది కొలామీ. ఇంగ్లిష్ టీచర్ కావాలని నా కోరిక. 'ఇంగ్లిష్ క్లాసులో ఇంకో భాష వినపడకూడదు, నీ యాస పోతే తప్ప ఈ లైన్లో నిలబడలేవు' అని తెలిసినవాళ్లు అంటున్నారు. నిజమేనా మేడమ్? ఏ కోర్సు చేయాలి?
– ఒక విద్యార్థిని, ఆదిలాబాద్ జిల్లా

జవాబు: వాళ్లు చెప్పింది నిజం కాదమ్మా. యాస సంగతికి తర్వాత వద్దాం. ముందు మీ గ్రూపు గురించి మాట్లాడాలి, ఎందుకంటే చాలామంది బోల్తా పడేది అక్కడే.

డిగ్రీలో అందరూ చదివే ఇంగ్లిష్ వేరు, ఆప్షనల్‌గా తీసుకునే ఇంగ్లిష్ లిటరేచర్ వేరు. స్కూల్ అసిస్టెంట్ ఇంగ్లిష్ పోస్టుకు డిగ్రీలో ఇంగ్లిష్ ఒక ఆప్షనల్‌గా అయినా ఉండాలి, లేదా ఎంఏ ఇంగ్లిష్ ఉండాలి. దానికి తోడు ఇంగ్లిష్ మెథడాలజీ (ఆ సబ్జెక్టును బోధించే పద్ధతి)తో బీఈడీ. మీది హెచ్ఈపీ (హిస్టరీ, ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్) కాబట్టి డిగ్రీ ఆప్షనల్‌తో వచ్చే అర్హత మీకు లేదు. 'ఇంగ్లిష్ పేపర్లు రాశాం కదా' అనుకుని సోషల్ మెథడాలజీతో బీఈడీ చేసేసి, తీరా డీఎస్సీ (టీచర్ల నియామక పరీక్ష) సర్టిఫికెట్ల పరిశీలన రోజు అర్హత లేదని తెలుసుకునేవాళ్లు ఉన్నారు. మీరు ఆ తప్పు చేయొద్దు. పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్ రాసి ముందు ఎంఏ ఇంగ్లిష్ చేయండి, ఆ తర్వాత బీఈడీ ప్రవేశ పరీక్ష ఎడ్‌సెట్ రాసి ఇంగ్లిష్ మెథడాలజీలో చేరండి. రెండేళ్లు, రెండేళ్లు, మొత్తం నాలుగేళ్లు. రెగ్యులర్ సీటు దొరక్కపోతే అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీ ఎంఏ ఉంది. హైదరాబాద్‌లోని ఇఫ్లూ (ఇంగ్లిష్, విదేశీ భాషల యూనివర్సిటీ) కూడా ప్రయత్నించండి. 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్‌గా మొదలై ఇప్పుడు కేంద్రీయ విశ్వవిద్యాలయంగా ఉన్న సంస్థ అది. భాషను ఎలా నేర్పాలన్న విషయంలో అంతటి లైబ్రరీ, అంతటి వాతావరణం మన దగ్గర ఇంకోచోట దొరకడం కష్టం.

రెండో దారి డీఈఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి డీఈఎల్‌ఈడీ (ప్రాథమిక బడి టీచర్ల డిప్లొమా) చేయడం. ఇది రెండేళ్లే. ఒకటి నుంచి ఐదు తరగతుల ఎస్జీటీ (సెకండరీ గ్రేడ్ టీచర్) పోస్టులకు బీఈడీ చెల్లదని 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తేల్చేసింది. కాబట్టి చిన్నపిల్లలకు చెప్పాలనుంటే డీఈఎల్‌ఈడీయే. ఇల్లు ఒక భాషలో, బడి ఇంకో భాషలో ఉన్న పిల్లలు ఎక్కువగా నలిగిపోయేది ఆ ఐదేళ్లలోనే. మీకున్న భాషలు ఎక్కువ ఉపయోగపడేదీ అక్కడే. హోదా చూసి కాకుండా, ఏ వయసు పిల్లలతో మీకు పొసుగుతుందో చూసి దారి ఎంచుకోండి. మీ ట్యూషన్‌లో ఏ పిల్లల దగ్గర మీకు టైమ్ తెలియడం లేదో గమనిస్తే జవాబు మీకే దొరుకుతుంది.

టెట్‌కు (టీచర్ అర్హత పరీక్షకు) జీవితకాలం చెల్లుబాటు ఉంది. డీఎస్సీలో దానికి 20 శాతం వెయిటేజీ. ఇంగ్లిష్ టీచర్ కాబోయేవాళ్లు కూడా పేపర్-2లో 60 మార్కులకు సోషల్ గానీ మ్యాథ్స్-సైన్స్ గానీ రాయాలి. మీకు సోషల్ హాయి, ఆ విషయంలో హెచ్ఈపీ కలిసొస్తుంది. ఒక్కోసారి నిబంధనలు మారతాయి, కాబట్టి నోటిఫికేషన్ వచ్చినప్పుడు అర్హతల పేరా మీరే స్వయంగా చదవండి, కోచింగ్ సెంటర్ మాట మీద ఆగొద్దు. ఇంకొక మాట. ఏజెన్సీలోని టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్న జీవో 3ను సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్‌లో కొట్టేసింది. 'మన ఏరియా పోస్టు మనకే' అన్న ధీమాతో చదువు తగ్గించొద్దు. గురుకులాలు, ఏకలవ్య పాఠశాలల నోటిఫికేషన్లు కూడా చూస్తూ ఉండండి. ఇంగ్లిష్ బోధనలో ఇచ్చే సెల్టా లాంటి సర్టిఫికెట్లు విదేశాల్లో, భాషా శిక్షణ సంస్థల్లో పనికొస్తాయి. డీఎస్సీకి అవి బీఈడీకి బదులు కావు.

ఇక అసలు విషయం. 'ఇంగ్లిష్ క్లాసులో ఇంగ్లిషే' అన్న మాట పైకి బాగానే ఉంటుంది. పిల్లాడు ఎంత ఎక్కువ వింటే అంత నేర్చుకుంటాడన్నది దాని లెక్క. కానీ అర్థం కానిది ఎంత విన్నా చప్పుడే తప్ప భాష కాదు. మీ ప్రాంతానికి ఈ సంగతి కొత్తేమీ కాదు. 1940ల్లో మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ మార్లవాయి గ్రామంలో గోండు యువకులను టీచర్లుగా తయారుచేసినప్పుడు వాచకాలు గోండిలోనే రాయించారు. మీకు దగ్గర్లోని గుంజాలలో గోండి లిపి రాతప్రతులు బయటపడ్డాయి. 2018లో ఆ లిపి యూనికోడ్‌లోకి (కంప్యూటర్లలో లిపులకు వాడే ప్రమాణంలోకి) కూడా ఎక్కింది. మీ క్లాసులో కూర్చున్న గోండు పిల్లాడి భాషకు ఇంత చరిత్ర ఉంది. దాన్ని గుమ్మం బయట వదిలి రమ్మనడం అన్యాయమే కాదు, ఇంగ్లిష్ నేర్పడానికి చేతిలో ఉన్న పనిముట్టును పారేసుకోవడం కూడా.

అయితే భాషలను కలపడంలో ఒక పద్ధతి ఉండాలి. అది లేక చెడగొట్టుకునేవాళ్లే ఎక్కువ. అందరూ చేసే తప్పు, వాక్యం ఇంగ్లిష్‌లో చదివి వెంటనే తెలుగులో చెప్పేయడం. పిల్లలు చాలా తెలివైనవాళ్లు. తెలుగు ఎలాగూ వస్తుందని తెలిశాక ఇంగ్లిష్ వాక్యం వినడం మానేస్తారు. పైగా ఆ తెలుగు మీ గోండి, కొలామీ పిల్లలకు రెండో భాషే. వాళ్ల మీద బరువు రెండింతలైంది. వరస మార్చండి. మొదట ఇంగ్లిష్ వాక్యం, తర్వాత బొమ్మో సైగో వస్తువో, మళ్లీ అదే వాక్యం. అప్పుడు 'దీన్ని మీ ఇంట్లో ఎలా అంటారు?' అని పిల్లల్నే అడగండి. చివరగా మళ్లీ ఇంగ్లిష్ వాక్యం అందరితో పలికించండి. ఆ మధ్యలోది పిల్లలు చెప్పాలి, మీరు కాదు. మీకు గోండి రాకపోయినా క్లాసులో గోండి ఉండేలా చూసే ఉపాయం ఇదే.

ఒక చిన్న పాఠం వివరంగా చెబుతాను, రేపే చేసి చూడండి. బోర్డు మీద 'నేను నీళ్లు తాగుతాను' అని రాయండి. ఉర్దూ పిల్లాడితో 'మై పానీ పీతా హూఁ' అనిపించి తెలుగు లిపిలో రాయండి. గోండి, లంబాడీ, కొలామీ వాక్యాలు ఆ పిల్లలే చెబుతారు, వాళ్లు పలికినట్టే రాయండి. నీళ్లు గోండిలో 'ఏర్' అని, లంబాడీలో 'పాణి' అని మిగతా పిల్లలు మొదటిసారి వింటుంటే వాళ్ల ముఖాలు చూడండి. ఇప్పుడు ప్రతి వాక్యంలో తాగడాన్ని చెప్పే మాట కింద ఎర్ర చాక్‌పీసుతో గీత గీయించండి. అన్నింట్లోనూ గీత చివరి వైపే పడుతుంది. అప్పుడు ఆఖరి వరసలో 'ఐ డ్రింక్ వాటర్' రాయండి. గీత మధ్యలోకి వస్తుంది. మీరు నోరు విప్పక్కర్లేదు, పిల్లలే చెబుతారు. గోండి, కొలామీ, తెలుగు ఒక భాషా కుటుంబం, ఉర్దూ, లంబాడీ ఇంకో కుటుంబం. అయినా ఈ ఒక్క విషయంలో అన్నీ ఒకవైపు, ఇంగ్లిష్ ఒక్కటే రెండోవైపు. ఆ తర్వాత 'ఐ వాటర్ డ్రింక్' అని ఎవరైనా అంటే 'తప్పు' అనక్కర్లేదు, 'ఎర్ర గీత ఎక్కడ?' అంటే చాలు. పాఠం మొత్తం 15 నిమిషాల పని.

తప్పులను కూడా ఏ భాష నుంచి వచ్చాయో చూసి పట్టుకోవాలి. తెలుగు పిల్లాడు 'హీ మై బ్రదర్' అంటాడు, ఎందుకంటే 'వాడు మా తమ్ముడు'లో క్రియ లేదు. ఉర్దూ పిల్లాడికి 'వో మేరా భాయీ హై'లో 'హై' ఉంది కాబట్టి 'ఈజ్' అంత తొందరగా జారిపోదు. మీ లంబాడీలో ఆ వాక్యం చివర ఏముందో ఒకసారి పలికి చూసుకోండి. అదే ఉర్దూ పిల్లాడు 'ఇస్కూల్', 'ఇస్టేషన్' అంటాడు. తెలుగు పిల్లాడు 'బుక్కు', 'బస్సు' అంటాడు, మన మాటలు అచ్చుతో ముగియడం అలవాటు కదా. అందరికీ ఒకే డ్రిల్లు చేయిస్తే సగం మందికి టైమ్ దండగ. 'ఇస్కూల్' అనేవాళ్లతో ముందు పాము బుసలా 'స్‌స్‌స్' అని సాగదీయించి, దానికి 'కూల్' తగిలించండి. నెమ్మదిగా బుస తగ్గించండి. 'బుక్కు' అనేవాళ్లతో పక్కన అచ్చుతో మొదలయ్యే మాట చేర్చి 'బుకిజ్' (బుక్ ఈజ్), 'బుకాన్' (బుక్ ఆన్) అని ఒక్క ఊపిరిలో అనిపించండి. ఉకారం దూరడానికి చోటే ఉండదు. రోజూ మూడు నిమిషాలు చాలు.

మీ యాస సంగతి కూడా ఇలాగే చూడాలి. లంబాడీ యాస పోవాల్సిన పని లేదు, మాట స్పష్టంగా ఉంటే చాలు. 'షిప్'కీ 'షీప్'కీ తేడా వినపడాలి, పొడవు మాటల్లో నొక్కు సరైన చోట పడాలి, వాక్యం చివర గొంతు మింగేయకూడదు. రోజూ పది నిమిషాలు పిల్లల పాఠమే ఫోన్లో రికార్డు చేసి, మర్నాడు విని ఒక్క తప్పే దిద్దుకోండి. క్లాసులో వాడే ఆదేశాలు ఓ ముప్పై రాసిపెట్టుకోండి, ఒక్కోటి ఏడు మాటలు దాటకుండా. రోజూ అవే మాటలు అదే తీరులో వింటే నెల తిరిగేసరికి వాటికి అనువాదం అక్కర్లేదు.

తెలంగాణ సర్కారు బడుల్లో 2022-23 నుంచి ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్ ఉండే పుస్తకాలు వచ్చాయి. మంచి సాధనం, కానీ ఊరికే వదిలేస్తే పిల్లలు తెలుగు పేజీ చదివి పుస్తకం మూసేస్తారు. ఒక అట్టముక్కతో తెలుగు పేజీ కప్పించండి. బొమ్మ, శీర్షిక చూసి పాఠం దేని గురించో ఊహించమనండి, ఆ మాటలు ఏ భాషలో అన్నా పర్వాలేదు. తర్వాత ఇంగ్లిష్ పేరా రెండుసార్లు చదివించి, తెలిసిన మాటల కింద గీత పెట్టించండి. అప్పుడు అట్ట తీయించి, ఊహ ఎంతవరకు నిజమైందో సరిచూసుకోమనండి.

గ్రూపుల విషయంలో ఒక జాగ్రత్త. అర్థం చేసుకునే పనికి ఒకే భాష పిల్లలను కలిపి కూర్చోబెట్టండి. మాట్లాడే పనికి కలగలపండి. కలగలిపిన గ్రూపులో తెలుగు వచ్చినవాళ్లే పెత్తనం చేస్తారు, కాబట్టి 'ఐ థింక్...', 'కెన్ యూ గివ్ మీ...' లాంటి రెండు మూడు వాక్యాల మొదళ్లు బోర్డు మీద రాసిపెట్టి, వాటితోనే మొదలుపెట్టాలని షరతు పెట్టండి. ఆలోచించడం ఏ భాషలోనైనా సరే, చివరి పది నిమిషాల్లో నోటి నుంచి, పెన్సిల్ నుంచి వచ్చేది ఇంగ్లిష్ కావాలి. ఈ షరతు సడలిందంటే భాషలు కలపడం ఊతకర్ర అయిపోతుంది. అది తెలియాలంటే ఒక నోట్‌బుక్ పెట్టండి. రోజుకు ముగ్గురు పిల్లలను చూసుకుని, ఒక్కొక్కరు సొంతంగా ఎన్ని ఇంగ్లిష్ వాక్యాలు అన్నారో గీతలు పెట్టండి, పక్కనే వాళ్ల తప్పు ఒకటి రాయండి. నెలలో గీతలు పెరగకపోతే మీ పద్ధతిలో లోపముందని అర్థం.

తల్లిదండ్రులు మూడో నెలకే 'మావాడికి ఇంగ్లిష్ రాలేదు' అంటారు. బడి భాష కొత్తదైన పిల్లలకు మాటల్లో పడటానికి దాదాపు రెండేళ్లు, పాఠాలు చదివి రాసే స్థాయి రావడానికి ఐదు నుంచి ఏడేళ్లు పడుతుందని కెనడాలో వలస కుటుంబాల పిల్లలను పరిశీలించిన జిమ్ కమిన్స్ చెప్పారు. అక్కడ వీధిలో కూడా ఇంగ్లిషే. మన దగ్గర అదీ లేదు. ఇంటికి వెళ్లి పిల్లాడి నోట్‌బుక్ చూపించి, మొదటి వారం ఎన్ని గీతలు, ఇప్పుడు ఎన్ని అని చెప్పండి. 'ఇంట్లో కూడా ఇంగ్లిషే మాట్లాడండి' అని మాత్రం చెప్పొద్దు. అమ్మకు బాగా వచ్చిన భాషలో కథలు, లెక్కలు, ముచ్చట్లు విన్న పిల్లాడు ఆ తెలివినే బడికి తెచ్చుకుంటాడు.

కొలామీ అబ్బాయి గురించి చివరిగా. క్లాసులో తన భాష వాడు ఒక్కడే. అందరి ముందు నిలబెట్టి 'నీ భాషలో చెప్పు' అంటే మొదటి రోజే ఎవరో నవ్వుతారు, వాడు ఇక నోరు తెరవడు. ముందు పక్కన కూర్చుని ఒక్కడినే అడగండి, వాడు చెప్పిన మాట మీరు పలికి, తప్పుంటే దిద్దమనండి. రెండు వారాల తర్వాత వాడికిష్టమైతే ఆ మాటను బోర్డు మీదికి తీసుకురండి. వాడికి తోడుగా గోండి వచ్చిన ఓపికగల పిల్లనో పిల్లాడినో కూర్చోబెట్టండి.

ఆ నోట్‌బుక్ మాత్రం పారేయొద్దు. ఎంఏలో ప్రాజెక్టుకు, బీఈడీలో పాఠ్య ప్రణాళికలకు అదే ముడిసరుకు. ప్రైవేటు స్కూల్లో డెమోకు పిలిచి 'మీ క్లాసులో తెలుగు మాట్లాడతారా?' అని అడిగితే, మొదటి వారం పేజీ, పన్నెండో వారం పేజీ పక్కపక్కన పెట్టి చూపించండి.