డాక్టర్ సలహా: జీన్ రిపోర్టులో '1.6 రెట్లు' అని వచ్చింది, నాకు షుగర్ రాసిపెట్టి ఉన్నట్టేనా?

ప్రశ్న: నా వయసు 38. కూకట్‌పల్లిలో ఉంటాం. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, వారంలో మూడు రోజులు నైట్ షిఫ్ట్. నాన్నకి 45 ఏళ్లకే షుగర్ వచ్చింది, పోయినేడు కాలి బొటనవేలు తీసేశారు. ఇద్దరు బాబాయిలకీ షుగరే. భయమేసి ఆన్‌లైన్‌లో కిట్ తెప్పించుకుని ఉమ్మి శాంపిల్ పంపించాను. టీసీఎఫ్7ఎల్2 అనే జీన్‌లో రిస్క్ మార్పు రెండు కాపీల్లోనూ ఉందని, మొత్తం స్కోరు ప్రకారం షుగర్ వచ్చే రిస్క్ సగటు కంటే 1.6 రెట్లని రిపోర్టు వచ్చింది. అప్పటి నుంచి సరిగా నిద్ర లేదు. ఉమ్మి చూసి ఇవన్నీ ఎలా చెప్తారు? నమ్మొచ్చా? మా తొమ్మిదేళ్ల పాపకి కూడా చేయించాలని మా ఆవిడ అంటోంది. కంపెనీ హెల్త్ చెకప్‌లో మూడు నెలల సగటు షుగర్ చూపే హెచ్‌బీఏ1సీ 5.9, పరగడుపు షుగర్ 108, నడుము 97 సెంటీమీటర్లు.
- ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: జీన్ గురించి అంత వివరంగా రాసి 5.9 సంగతి చివర్లో ఒక్క ముక్కలో తేల్చేశారు. నేను మాత్రం ఆ చివరి ముక్క దగ్గరే ఆగిపోయాను. హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 మధ్య ఉన్నా, పరగడుపు షుగర్ 100 నుంచి 125 మధ్య ఉన్నా దాన్ని ప్రీడయాబెటిస్, అంటే షుగర్‌కి ముందు దశ, అంటాం. మీకు రెండూ ఆ మధ్యలోనే ఉన్నాయి. మన మగవాళ్లకి నడుము 90 సెంటీమీటర్లు దాటకూడదు, మీది 97. అంటే జీన్ రిపోర్టు 'రావచ్చు' అంటున్న జబ్బు వైపు మీ ఒళ్లు ఇప్పటికే కొంత దూరం నడిచింది. ఆ సంగతి చెప్పింది మాత్రం మామూలు రక్త పరీక్ష, బట్టలు కుట్టేవాళ్ల దగ్గర ఉండే టేపు.

దాని దగ్గరికి మళ్లీ వస్తాను. ముందు మీ నిద్ర పోగొట్టిన ఆ 1.6 ఎక్కడి నుంచి పుట్టిందో చెప్తాను, అది తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది.

మన డీఎన్‌ఏలో సుమారు 300 కోట్ల అక్షరాలుంటాయి. ఇలాంటి కిట్లు మామూలుగా అవన్నీ చదవవు, మనిషికీ మనిషికీ తరచుగా తేడా వచ్చే కొన్ని లక్షల చోట్ల మాత్రం చిప్ మీద చూస్తాయి. ఇక ఫలానా చోటికీ ఫలానా జబ్బుకీ సంబంధం ఉందని కనిపెట్టడానికి పాత పద్ధతి ఒకటుంది: జబ్బు నడుస్తున్న పెద్ద కుటుంబాన్ని పట్టుకుని, జబ్బుతో పాటు డీఎన్‌ఏలో ఏ ముక్క తరతరానికీ దిగుతోందో చూడటం. మెదడుని దెబ్బతీసే హంటింగ్టన్ అనే జబ్బుకి మూలం నాలుగో క్రోమోజోమ్ మీద ఉందని 1983లో అలాగే తేలింది, అసలు జీన్ చేతికి చిక్కడానికి మరో పదేళ్లు పట్టింది. ఒకే జీన్ పాడై వచ్చే జబ్బులకి ఆ దారి బాగా పనిచేసింది. షుగర్‌కి చేయలేదు, ఎందుకంటే ఇక్కడ ఒక్క దొంగ లేడు. వందల చోట్ల చిన్న చిన్న మార్పులు, ఒక్కొక్కటీ కొంచెం కొంచెంగా త్రాసు వంచుతాయి.

అందుకని ఇప్పుడు కుటుంబం కాకుండా జనం మీద పడ్డారు. షుగర్ ఉన్న వేలమందిని ఒక పక్క, లేని వేలమందిని ఇంకో పక్క పెట్టి, ఆ లక్షల చోట్లలో ఒక్కో చోటా ఏ అక్షరం ఎవరిలో ఎక్కువుందో లెక్కపెడతారు. దీన్ని జీవాస్ అంటారు. వినడానికి సులువుగానే ఉంటుంది, మోసపోవడానికి కూడా అంతే సులువు. ఉప్పల్ స్టేడియంలో 40 వేలమంది కూర్చుని తలా పదిసార్లు నాణెం ఎగరేశారనుకోండి, పదికి పదిసార్లూ బొమ్మే పడేవాళ్లు దాదాపు 40 మంది తేలతారు. వాళ్ల చేతిలో ఏ మహిమా లేదు, ఎగరేసినవాళ్లు ఎక్కువమంది, అంతే. లక్షల చోట్ల వెతికినా ఇదే జరుగుతుంది, ఊరికే కాకతాళీయంగా 'దొరికిన' జీన్లు కుప్పలుగా వస్తాయి. మామూలు పరిశోధనల్లో, అసలు సంబంధమే లేకపోయినా ఇంత తేడా కనిపించే అవకాశం 20లో ఒకటి కంటే తక్కువుంటే ఒప్పుకుంటారు. ఇక్కడ ఆ గీతని రెండు కోట్లలో ఒకటి దగ్గర గీశారు, ఎందుకంటే చేస్తున్నవి దాదాపు పది లక్షల పరీక్షలతో సమానం. అది దాటాక కూడా వేరే జనంలో మళ్లీ కనిపిస్తేనే గట్టిగా నమ్ముతారు.

మీ రిపోర్టులోని టీసీఎఫ్7ఎల్2 ఆ పరీక్షలన్నీ నెగ్గినదే, అది బోగస్ కాదు. 2006లో ఐస్‌లాండ్ పరిశోధకులు బయటపెట్టారు. మరుసటి ఏడాదే మన హబ్సిగూడలోని సీసీఎంబీ పరిశోధన సంస్థ వాళ్లు, పుణె డాక్టర్లు కలిసి భారతీయుల్లోనూ ఉందని చూపించారు. షుగర్‌కి సంబంధించి జనంలో మామూలుగా కనిపించే మార్పుల్లో అన్నిటికంటే బలమైనది ఇదే. మరి ఆ బలం ఎంతంటే, ఒక్కో కాపీకి (అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి వస్తాయి) రిస్క్ సుమారు 1.4 రెట్లు. అంతే. హంటింగ్టన్ లాంటి జబ్బుల్లో ఆ జీన్ ఉంటే దాదాపు జబ్బు వచ్చినట్టే, ఇక్కడ అలా కాదు.

ఇంకో చిక్కుంది, దీన్ని నేను మరీ ముఖ్యమనుకుంటాను. షుగర్ పేషెంట్లని హైదరాబాద్ నుంచి, ఆరోగ్యవంతులని చండీగఢ్ నుంచి తీసుకుని పోల్చారనుకోండి. ఈ రెండు ఊళ్ల జనం పూర్వీకులు వేరు కాబట్టి, షుగర్‌తో ఏ సంబంధమూ లేని అక్షరాలు కూడా తేడాగా కనిపిస్తాయి. అప్పుడు దొరికింది షుగర్ జీన్ కాదు, దక్షిణాది జీన్. ఈ పొరపాటు జరగకుండా ఒక్కొక్కరి పూర్వీకుల కలబోత ఎలాంటిదో డీఎన్‌ఏ నుంచే లెక్కగట్టి ఆ తేడాని తీసేస్తారు. మన దేశంలో ఈ పని ఇంకా కష్టం, వందల ఏళ్లుగా కులంలోనే పెళ్లిళ్లు, మేనరికాలు. ఒక్కో సమూహానికీ తనదైన మార్పులుంటాయి. ఆపరేషన్ అప్పుడు కండరాలు సడలించడానికి ఇచ్చే ఒక మందు కొందరు ఆర్యవైశ్యుల్లో త్వరగా దిగదని మత్తు డాక్టర్లకి తెలిసిన సంగతే, దానికి కారణం ఒకే ఒక్క జీన్ మార్పు.

ఇప్పుడు మీ '1.6' దగ్గరికి వద్దాం. ఇలాంటి స్కోరు ఎలా చేస్తారంటే, జీవాస్‌లో దొరికిన చోట్లన్నిటికీ తలా కొన్ని మార్కులిచ్చి కూడతారు. 2024లో వచ్చిన పెద్ద అధ్యయనంలో 25 లక్షలకు పైగా జనాన్ని చూసి 611 చోట్లు గుర్తించారు. కానీ ఇప్పటిదాకా ఇలాంటి అధ్యయనాల్లో పాల్గొన్నవాళ్లలో ఎక్కువమంది యూరప్ మూలాలవాళ్లే. 2019 నాటికి దాదాపు 79 శాతం వాళ్లే. వాళ్లని చూసి ఇచ్చిన మార్కులు మన ఒంటికి పెడితే గురి తప్పుతుంది. మన దేశంలో జీనోమ్ ఇండియా కింద 10 వేలమంది డీఎన్‌ఏ పూర్తిగా చదవడం అందుకే అవసరమైంది, ఇంకా చాలా కావాలి.

సరే, 1.6 నిజమే అనుకుందాం. సగటున మీలాంటి వందమందిలో 20 మందికి వస్తుందనుకుంటే (ఊరికే లెక్క కోసం అంటున్నాను), మీ స్కోరు ఉన్న వందమందిలో 32 మందికి వస్తుంది, 68 మందికి రాదు. మీరు ఏ గుంపులో ఉంటారో ఆ స్కోరు చెప్పలేదు. అది గుంపు గురించి పుట్టిన అంకె. పైగా నాన్నకి, బాబాయిలకి షుగర్ ఉందన్న మీ ఒక్క మాటలోనే వంశంలో దిగే రిస్క్ చాలావరకు ఉంది. అందులో జీన్లతో పాటు మీ ఇంటి వంట, మీ ఇంటి నడవడిక కూడా కలిసి ఉన్నాయి.

ఎఫ్‌టీఓ అని ఇంకో జీన్ ఉంది, దాని కథ తప్పకుండా చెప్పాలి. 2007లో దాన్ని ముందు షుగర్ జీన్‌గానే పట్టుకున్నారు. తర్వాత బరువుని లెక్కలోంచి తీసేసి చూస్తే షుగర్‌తో సంబంధం మాయమైంది. అంటే ఆ జీన్ ముందు బరువు పెంచుతోంది, షుగర్ ఆ బరువు వల్ల వస్తోంది. జీన్ నుంచి జబ్బు దాకా ఉన్న దారిలో మధ్యలో మీ నడుము ఉందన్నమాట.

టీసీఎఫ్7ఎల్2 సంగతీ చూడండి. అమెరికాలో మీలాగే ప్రీడయాబెటిస్ గీత మీద ఉన్న మూడు వేలకు పైగా మందితో ఒక ట్రయల్ చేశారు. వారానికి 150 నిమిషాల నడక, బరువులో 7 శాతం తగ్గడం లక్ష్యంగా పెట్టుకున్నవాళ్లలో షుగర్ రావడం 58 శాతం తగ్గిందని 2002లో తేలింది. వాళ్ల డీఎన్‌ఏ కూడా చూసి 2006లో ప్రచురించారు. మామూలుగా వదిలేసిన గుంపులో, మీలా రెండు కాపీలున్నవాళ్లకి అసలు లేనివాళ్ల కంటే రిస్క్ దాదాపు 1.8 రెట్లుంది. నడిచి బరువు తగ్గిన గుంపులో అది 1.15కి దిగింది. మన దేశంలో చేసిన ఇలాంటి ట్రయల్‌లో తగ్గుదల 28 శాతం దగ్గర ఆగింది, అంటే మనకి కష్టం కొంచెం ఎక్కువే, అయినా ఫలితం ఖాయంగా ఉంది. నా ఓపీలో మీలాంటి రిపోర్టు పట్టుకుని వచ్చేవాళ్లకి నేను ముందు ఆ 1.8, 1.15 అన్న రెండు అంకెలే కాగితం మీద రాసి చూపిస్తాను.

మీరు చేయాల్సినవి చెప్తాను. 75 గ్రాముల గ్లూకోజ్ తాగి రెండు గంటల తర్వాత చూసే ఓజీటీటీ ఈ నెలలోనే చేయించండి. దాంతో పాటు హిమోగ్లోబిన్ కూడా, ఎందుకంటే రక్తహీనత ఉంటే హెచ్‌బీఏ1సీ తప్పుదారి పట్టిస్తుంది. బీపీ, లిపిడ్ ప్రొఫైల్ చూపించుకోండి. రాత్రి షిఫ్ట్‌లో రెండింటికి ఆ బిర్యానీ, కూల్‌డ్రింక్ ఆర్డర్లు మానేయండి, ఏడెనిమిది గంటలకే ఇంట్లో భోంచేసి వెళ్లండి. కంచంలో అన్నం సగానికి తగ్గించి ఆ ఖాళీలో కూర, పప్పు పెట్టుకోండి. తిన్నాక ఇరవై నిమిషాలు నడవండి. షిఫ్ట్ మార్చుకునే వీలుంటే మేనేజర్‌తో మాట్లాడండి, నిద్ర చెడితే షుగర్ కూడా చెడుతుంది. మూడు నెలల తర్వాత మళ్లీ హెచ్‌బీఏ1సీ. అప్పటికీ పెరుగుతూ ఉంటే మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర గురించి మీ డాక్టర్‌తో మాట్లాడండి, మీ అంతట మీరు మొదలుపెట్టొద్దు.

షుగర్‌కి జీన్ పరీక్ష నేను రాసే సందర్భం కూడా ఒకటుంది. సన్నగా ఉండి పాతికేళ్లలోపే షుగర్ వచ్చి, తాత, తండ్రి, పిల్లలు అలా వరసగా ఉంటే అది మోడీ (MODY) అనే, ఒకే జీన్ పాడై వచ్చే రకం షుగర్ కావచ్చు, అప్పుడు ఆ రిపోర్టుని బట్టి మందే మారిపోతుంది. మీ నాన్నగారి కథ అలాంటిది కాదు.

పాపకి మాత్రం వద్దు. పెద్దయ్యాక వచ్చే జబ్బులకి, చిన్నప్పుడు చేయగలిగే వైద్యం ఏదీ లేనప్పుడు, పిల్లలకి జీన్ పరీక్ష చేయించకూడదన్నది ప్రపంచమంతటా డాక్టర్లు పాటించే మాట. ఆ సంగతి తెలుసుకోవాలో వద్దో పెద్దయ్యాక తనే నిర్ణయించుకోవాలి. మీ ఆవిడ భయం నాకు అర్థమైంది, మామగారి కాలు రోజూ కళ్ల ముందే ఉంది కదా. కానీ తొమ్మిదేళ్ల పిల్లకి 'నీకు రిస్క్ జీన్ ఉంది' అన్న మాట మోయించి మనం సాధించేది ఏమీ లేదు. బరువు, ఎత్తు ఏడాదికోసారి చూపించండి చాలు. కిట్ ఇప్పటికే ఆర్డర్ పెట్టి ఉంటే క్యాన్సిల్ చేయండి, ఆ డబ్బుతో మీ ఓజీటీటీ చేయించుకుని నాన్నగారిని రెండో కాలు కూడా ఒకసారి చూపించడానికి తీసుకెళ్లండి.