తల్లి టేబుల్‌ను ఆటోవ్యాక్యూమ్ ఎందుకు ముట్టుకోదు?

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో నెలవారీగా పార్టిషన్లు (ముక్కలు) చేసిన టేబుల్‌పై ఆటోవ్యాక్యూమ్ (పనికిరాని వరుసలను ఊడ్చి, గణాంకాలను తాజా చేసే నేపథ్య పని) నడిచిన జాడే లేదు, పొరపాటున ఎక్కడైనా ఆపేశామా, నిర్వహణ పత్రంలో ఏమని రాయాలి అని అడిగారు. మీరు ఏదీ ఆపలేదు. పోస్ట్‌గ్రెస్ తీరే అంత. తల్లి టేబుల్‌లో, అంటే ముక్కలన్నింటికీ పైన ఉండే టేబుల్‌లో, సొంత వరుసలు ఒక్కటీ ఉండవు కాబట్టి ఆటోవ్యాక్యూమ్ దాని గడప తొక్కదు. పిల్ల పార్టిషన్లను మాత్రం దేనికదే విడి టేబుల్‌గా చూస్తుంది. డిఫాల్ట్ సెట్టింగుల్లో, ఒక పార్టిషన్‌లో 20 శాతానికి మరో 50 కలిపినన్ని వరుసలు చచ్చిపడితే (మార్చడం, తొలగించడం వల్ల పనికిరాకుండా పోతే) వ్యాక్యూమ్ అనే ఊడ్పు, 10 శాతానికి మరో 50 కలిపినన్ని మారితే అనలైజ్ అనే గణాంకాల సేకరణ జరుగుతాయి.

వ్యాక్యూమ్ విషయంలో ఇబ్బంది లేదు, చెత్త ఉన్న చోటే ఊడ్చాలి కదా. చిక్కంతా అనలైజ్‌తోనే.

మా దగ్గర ఒక నివేదిక ఉన్నట్టుండి గంటల తరబడి నడవడం మొదలుపెట్టింది. ఎక్స్‌ప్లెయిన్ (క్వెరీ ఎలా నడుస్తుందో చూపే ఆదేశం) చూస్తే గ్రూప్ బై (వరుసలను గుంపులు చేసే చోటు) దగ్గర అంచనా సరిగ్గా 200 వరుసలు, వచ్చేవేమో లక్షల్లో. మెమరీ సెట్టింగులు మార్చాం, ఇండెక్సులు పెంచాం, రెండు రోజులు గంగలో కలిశాయి. అసలు సరిగ్గా 200 అన్న ఆ అంకెనే అనుమానించాల్సింది. ఒక నిలువు వరుసకు గణాంకాలు లేనప్పుడు అందులో 200 వేర్వేరు విలువలున్నాయని ప్లానర్ (క్వెరీ నడిపే దారిని ఎంచే భాగం) అనుకుంటుంది. పిల్లలన్నింటికీ గణాంకాలు ఉన్నాయి, తల్లి పేరిట మాత్రం లేవు. వడపోతలకు పిల్లల గణాంకాలు చాలు. జాయిన్లకు (టేబుళ్లను కలపడానికి), గ్రూప్ బైకి తల్లివి కావాలి. తల్లిపై చేత్తో ఒకసారి అనలైజ్ నడిపాక నివేదిక దారికొచ్చింది.

తర్వాత పత్రంలో 'పార్టిషన్ టేబుళ్లను ఆటోవ్యాక్యూమ్ పట్టించుకోదు' అని రాశాను. అది చదివిన సహోద్యోగి పిల్లలకూ దిక్కులేదనుకుని, రోజూ రాత్రి అన్నింటిపైనా వ్యాక్యూమ్ నడిపే పని పెట్టేశాడు. తప్పు నాదే. మన మాటల్లో 'పార్టిషన్ టేబుల్' అంటే తల్లీ కావచ్చు, పిల్లా కావచ్చు. అందుకే ఇప్పుడు ఇలా ఉంది: 'పిల్ల పార్టిషన్లకు వ్యాక్యూమ్, అనలైజ్ రెండూ వాటంతటవే జరుగుతాయి. తల్లి టేబుల్‌కు అనలైజ్ మనమే నడపాలి.' దాని కిందే ఎప్పుడు నడపాలో కూడా రాయండి. మేము పెద్ద లోడు ఎక్కించిన ప్రతిసారీ, కొత్త నెల పార్టిషన్ కాస్త నిండాక ఒకసారి నడుపుతాం. తల్లిపై నడిపే అనలైజ్ పిల్లలన్నింటినీ మళ్లీ చుట్టి వస్తుంది కాబట్టి సమయం పడుతుంది. వెర్షన్ 18 నుంచి 'ఓన్లీ' అని చేర్చి పిల్లల గణాంకాల జోలికి పోకుండా నడపవచ్చు.

వెర్షన్ 14 నుంచి తల్లికి అనలైజ్ కూడా దానంతటదే జరుగుతుందని ఎక్కడైనా చదివితే నమ్మకండి. బీటాలో ఆ సదుపాయం ఉన్న మాట నిజమే, కానీ 2021లో విడుదలకు ముందే తీసేశారు.

ఇంకొకటి, ఆటోవ్యాక్యూమ్ పరిమితులను (పైన చెప్పిన 20, 10 శాతాల లాంటివి) తల్లి టేబుల్‌పై పెట్టబోతే పోస్ట్‌గ్రెస్ ఒప్పుకోదు, ఎర్రర్ ఇస్తుంది. ఒక్కో పిల్లపై విడిగా పెట్టాలి. కొత్త పార్టిషన్ సృష్టించే స్క్రిప్టులోనే ఆ లైను చేర్చండి, లేకపోతే వచ్చే నెలకే మర్చిపోతారు. నేను మర్చిపోయాను.