అస్త్రం వేయడం వచ్చు సరే, వెనక్కి తీసుకోవడం వచ్చా?

అడిగిన ప్రశ్న: "ధర్మం కోసం చేసే హింస కూడా ధర్మమేనని మహాభారతమే చెబుతోంది కదా. మరి మతంలో, రాజకీయాల్లో, కథల్లో హింస కనిపిస్తే కొందరు ఎందుకంత ఇబ్బంది పడతారు?"

ముందు ఆ మొదటి వాక్యం సంగతి తేల్చుకోవాలి. "అహింసా పరమో ధర్మః, ధర్మహింసా తథైవ చ" అని ఫోన్లలో తిరిగే శ్లోకంలో మొదటి సగమే మహాభారతంలోది. రెండో సగం అందులో లేదు, ఎవరో తర్వాత అతికించింది. మొదటి సగం మాత్రం ఒకటికి మూడు పర్వాల్లో వస్తుంది. ఆదిపర్వంలో, భార్యను పాము కరిచిందన్న కోపంతో కనిపించిన పామునల్లా కొట్టి చంపుతున్న రురుడితో డుండుభం అనే విషం లేని పాము ఈ మాట అంటుంది. అరణ్యపర్వంలో ధర్మవ్యాధుడు కౌశికుడితో అంటాడు. అనుశాసనపర్వంలో అంపశయ్య మీదున్న భీష్ముడు ధర్మరాజుతో అంటాడు. ఒకరు దెబ్బ పడబోతుండగా మాట్లాడిన ప్రాణి, ఒకరు మాంసం అమ్ముకునే మనిషి, ఒకరు పది రోజులు సేనాపతిగా ఉండి యుద్ధం నడిపినవాడు. హింసకు దూరంగా కూర్చుని చెప్పినవాళ్ళు వీళ్ళలో ఒక్కరూ లేరు.

ధర్మవ్యాధుడు ఇంకో మాట కూడా అంటాడు, దాన్ని ఎవరూ ఫార్వర్డ్ చేయరు. నాగలి దున్నినా నేలలో ప్రాణులు చస్తాయి, నడిచినా కాలి కింద చస్తాయి, అహింసావ్రతం పట్టినవాళ్ళు కూడా హింస చేస్తూనే ఉన్నారు, కాకపోతే ప్రయత్నం వల్ల అది తగ్గుతుంది అంటాడు. ఎలాగూ తప్పదు కాబట్టి పర్వాలేదు అని ఆయన ముగించలేదు. తప్పదు కాబట్టే ఎంత తగ్గించావో చెప్పు అన్నాడు.

అందుకే "హింస తప్పా ఒప్పా" అనే ప్రశ్న దగ్గర నేను ఎక్కువసేపు ఆగను. కారణం లేకుండా కత్తి తీసినవాడు చరిత్రలోనూ లేడు, కథల్లోనూ లేడు. అడగాల్సింది వేరే ఉంది. మొదలుపెట్టినదాన్ని ఆపే మార్గం నీ దగ్గర ఉందా? పాత మాటల్లో చెప్పాలంటే, ప్రయోగం తెలిస్తే చాలదు, ఉపసంహారం కూడా తెలిసి ఉండాలి. ఈ తేడాను, మహాభారత యుద్ధం ముగిసిన రాత్రి కథ చెప్పే సౌప్తికపర్వం చూపించినంత వివరంగా ఇంకేదీ చూపించదని నా నమ్మకం. సంస్కృతం అక్కర్లేదు, తెలుగులో తిక్కన చేతి మీదుగా మనకు అందిందే.

పద్దెనిమిదో రోజు రాత్రి. తొడలు విరిగి దుర్యోధనుడు పడి ఉన్నాడు. కౌరవ పక్షాన మిగిలిన అశ్వత్థామ, కృపుడు, కృతవర్మ ఒక మర్రిచెట్టు కింద చేరారు. మిగతా ఇద్దరూ నిద్రపోయారు, అశ్వత్థామకు నిద్ర పట్టలేదు. చెట్టు మీద నిద్రపోతున్న కాకుల గుంపు మీదికి ఒక గుడ్లగూబ వచ్చి వాటిని చీల్చి చంపడం చూశాడు. తనకు దారి దొరికిందనుకున్నాడు. మిగతా ఇద్దరినీ లేపి, పాండవుల శిబిరంలో నిద్రపోతున్న పాంచాలుర మీద, అంటే ద్రౌపది పుట్టింటివాళ్ళ మీద పడదామన్నాడు.

కృపుడు ఒప్పుకోలేదు. నిద్రపోతున్నవాణ్ణి, ఆయుధం వదిలినవాణ్ణి, శరణు అన్నవాణ్ణి చంపడం ధర్మం కాదన్నాడు. అంతకన్నా ముఖ్యంగా మూడు పనికొచ్చే సలహాలిచ్చాడు: ఈ రాత్రికి నిద్రపో, తెల్లవారాక కవచం కట్టుకుని ఎదురుగా పోరాడు, అంతకుముందు ధృతరాష్ట్రుణ్ణి, గాంధారిని, విదురుణ్ణి అడుగుదాం, వాళ్ళు ఏం చెబితే అది చేద్దాం. ఆవేశానికి ఒక రాత్రి అడ్డం వేయడం, ఆ ఆవేశంలో లేని మనిషిని అడగడం. హింసను ఆపడానికి ఈ రోజుకీ ఇంతకన్నా నమ్మదగ్గ పద్ధతి లేదు.

దానికి అశ్వత్థామ ఇచ్చిన జవాబును కంఠతా పట్టాలి, ఎందుకంటే అదే జవాబు అన్ని కాలాల్లోనూ వినిపిస్తుంది. ఈ ధర్మసేతువును వాళ్ళే ముందు నూరు ముక్కలు చేశారు అన్నాడు. మా నాన్న ద్రోణుణ్ణి ఆయుధం కింద పెట్టాక చంపారు, రథచక్రం దిగబడినప్పుడు కర్ణుణ్ణి చంపారు, శిఖండిని ముందు పెట్టి భీష్ముణ్ణి పడగొట్టారు, చచ్చేదాకా తిండి మానేసి ప్రాయోపవేశంలో కూర్చున్న భూరిశ్రవుడి తల నరికారు, రాజు తొడలు విరగ్గొట్టారు. జాబితాలో ఒక్కటీ అబద్ధం కాదు. భీష్మపర్వం మొదట్లోనే రెండు పక్షాలూ కూర్చుని నియమాలు రాసుకున్నాయి: రథికుడితో రథికుడే పోరాడాలి, వేరొకరితో పోరాడుతున్నవాణ్ణి కొట్టకూడదు, పారిపోయేవాణ్ణి, కవచం లేనివాణ్ణి కొట్టకూడదు, సారథుల జోలికీ భేరీలు మోగించేవాళ్ళ జోలికీ పోకూడదు. ఒక్కొక్కటీ తెగుతూ వచ్చింది, పదమూడో రోజు అభిమన్యుడి దగ్గర కౌరవులూ తెంచారు. తెంచిన ప్రతివాడూ అవతలివాడు ముందు తెంచినదాన్ని చూపించాడు. నియమం ఎలా చస్తుందో ఇంత కచ్చితంగా రాసినది నేనెక్కడా చూడలేదు. దాన్ని చంపడానికి దుర్మార్గుడు అక్కర్లేదు. నిజమైన ఫిర్యాదు ఉన్నవాడు చాలు.

శిబిరం ద్వారం దగ్గర శివుడు అడ్డం నిలిచాడు, అశ్వత్థామ తనను తానే ఆహుతి చేసుకుంటే ప్రసన్నుడై ఖడ్గం ఇచ్చాడు. మతం పేరుతో హింసను సమర్థించేవాళ్ళు ఈ ఘట్టాన్ని ఎందుకు ఎత్తుకోరో నాకు తెలుసు. దేవుడు స్వయంగా కత్తి చేతికిచ్చినా, ఆ కత్తితో చేసినదానికి కావ్యం క్షమాపణ ఇవ్వలేదు. ద్రోణుణ్ణి చంపిన ధృష్టద్యుమ్నుణ్ణి కాలితో తన్ని లేపి, ఆయుధంతో చంపమని వేడుకున్నా వినకుండా కాళ్ళతోనే కుమ్మి చంపాడు. ద్రౌపది ఐదుగురు కొడుకులూ పోయారు. ధర్మం కాదని చెప్పిన కృపుడు ఎక్కడున్నాడంటారా? కృతవర్మతో కలిసి ద్వారం దగ్గర. చేతులు జోడించి పారిపోయి వస్తున్నవాళ్ళను అక్కడ నరికారు, శిబిరానికి మూడు చోట్ల నిప్పు పెట్టారు. తెల్లవారితే వార్త చెప్పడానికి మిగిలింది ధృష్టద్యుమ్నుడి సారథి ఒక్కడు. యుద్ధం అసలు ఎవరితోనో ఆ పాండవులు ఆ రాత్రి శిబిరంలోనే లేరు.

ఇక అస్త్రం. పాండవులు వెంటపడితే అశ్వత్థామ ఒక గడ్డిపోచను మంత్రించి బ్రహ్మశిరోనామకాస్త్రం వదిలాడు. అర్జునుడూ అదే వదిలాడు, కానీ వదిలేముందు ఆచార్యుడి కొడుక్కి మేలు కలగాలని, తనకూ తన అన్నదమ్ములకూ మేలు కలగాలని, అస్త్రంతో అస్త్రం శాంతించాలని అనుకున్నాడు. నారదుడూ వ్యాసుడూ మధ్యలో నిలబడ్డారు. అర్జునుడు వెనక్కి తీసుకున్నాడు. అది వదలడం కన్నా వెనక్కి తీసుకోవడం కష్టమని, నిగ్రహం లేనివాడు ప్రయత్నిస్తే అది వాడి తలే తీస్తుందని అక్కడే రాసి ఉంది. అశ్వత్థామకు చేతకాలేదు. నీ తల మీది మణి ఇచ్చి దాన్ని ఆపు అని వ్యాసుడు అంటే, మణి ఇస్తాను కానీ ఆపలేను అని పాండవ స్త్రీల గర్భాల మీదికి మళ్ళించాడు. ఇద్దరికీ నేర్పింది ద్రోణుడే. కొడుక్కి మాత్రం ఇష్టం లేకుండా నేర్పాడు, ఎంత ఆపదలోనైనా మనుషుల మీద వాడొద్దని చెప్పి మరీ నేర్పాడు. ఇద్దరి చేతిలోనూ ఉన్నది ఒకే ఆయుధం, ఇద్దరికీ పగ ఉంది, ఇద్దరికీ చెప్పుకోవడానికి కారణం ఉంది. తేడా వచ్చింది ఆపడం దగ్గరే.

పక్కదారి పట్టినా ఒక మాట చెప్పాలి. గీతలో "యుద్ధం చెయ్" అన్న మాట విల్లు కింద పడేసి, చేతులు వణుకుతూ, వీళ్ళను చంపి ఏం బావుకుంటాను అని అడిగినవాడికి చెప్పింది. ఆ వణుకు ఒక్కసారి కూడా ఎరగనివాళ్ళు ఆ శ్లోకాలను ఇంకొకరి మీదికి జనాన్ని ఉసిగొల్పడానికి వాడుతుంటే బాధగా ఉంటుంది. సందేహం లేనివాడికి ఆ ఉపదేశంతో పనే లేదు.

రాజకీయాల్లో ఉపసంహారం అంటే ఏమిటో చూడాలంటే చౌరీచౌరా చూడాలి. 1922 ఫిబ్రవరి 4న పోలీసులు ఊరేగింపు మీద కాల్పులు జరిపారు, మనుషులు చనిపోయారు. కోపించిన గుంపు ఠాణాకు నిప్పు పెట్టింది, 22 మంది పోలీసులు చనిపోయారు. ఇక్కడా "వాళ్ళే ముందు" అనడానికి అన్ని ఆధారాలూ ఉన్నాయి. వారం తిరిగేసరికి బార్డోలీలో కాంగ్రెస్ కార్యవర్గం సహాయ నిరాకరణను నిలిపేసింది, గాంధీ ఐదు రోజులు నిరాహారంగా ఉన్నారు. జైళ్ళలో ఉన్న నాయకులు చాలామంది మండిపడ్డారు. ఉద్యమం ఊపులో ఉండగా, ఎక్కడో ఒక ఊళ్ళో జరిగినదానికి దేశమంతా ఎందుకు ఆగాలని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. కానీ దేశమంతా విన్న మాట ఒకటి ఉంది, ఆ మాటకు అంత పెద్ద ఉద్యమం ఆగింది. దాని విలువను తక్కువ చేయలేం.

ఆ ఉపసంహారంలో లోటు కూడా ఉంది. ఆపిన పిలుపు గుంపును ఆపింది గానీ ఉరితాడును ఆపలేదు. సెషన్స్ కోర్టు 172 మందికి మరణశిక్ష వేసింది. అలహాబాద్ హైకోర్టులో మదన్ మోహన్ మాలవీయ వాదించాక అది 19 మందికి తగ్గింది, వాళ్ళను 1923లో ఉరితీశారు. వెనక్కి పిలిచినవాడికి, పిలుపు అందేలోపు తప్పు చేసినవాళ్ళ బాధ్యత కూడా ఉంటుంది. దాన్ని ఉద్యమం సరిగా మోయలేదని నేను అనుకుంటాను.

ఏ పార్టీ అయినా, ఏ సంఘమైనా "అవసరమైతే తిరగబడతాం" అన్నప్పుడు నేను వెతికేది వాళ్ళ ఆశయాన్ని కాదు. ఆపమని చెప్పే అధికారం ఎవరిది? ఆ మాట చివరి మనిషి దాకా ఎంతసేపట్లో చేరుతుంది? లొంగిపోయినవాణ్ణి ఎవరి చేతికి అప్పగిస్తారు? చంపనన్న సభ్యుడికి ఏమవుతుంది? ఆయుధం పడేసినవాణ్ణి, గాయపడినవాణ్ణి తాకకూడదని 1949 జెనీవా ఒప్పందాల్లో ఉన్నది భీష్మపర్వం నియమాలకు దగ్గరి చుట్టమే. ఒక్కణ్ణీ మిగల్చొద్దన్న ఆజ్ఞ ఇవ్వడమే నిషిద్ధమని వాటికి 1977లో చేర్చిన ప్రోటోకాల్ చెబుతుంది. కృపుడు చెప్పిందే ఇది. కృపుడు చేయనిదీ ఇదే: చెప్పి, ఆ ద్వారం దగ్గరికి వెళ్ళకుండా ఉండడం.

కథల సంగతికొస్తే, తెర మీద ఎంత రక్తం పారిందన్నది నాకు కొలత కాదు. యుద్ధాన్ని, మరణాన్ని, నగర ముట్టడిని అంకంలో నేరుగా చూపొద్దు, ప్రవేశకంతో, అంటే అంకాల మధ్య వచ్చే చిన్న దృశ్యంతో తెలియజేయమని నాట్యశాస్త్రం అంటుంది. అయినా చూపించకపోవడంతోనే కథ మంచిదైపోదు. నేను చూసేది చంపిన తర్వాతి దృశ్యాన్ని. చచ్చినవాడి పేరు మళ్ళీ ఎన్ని పేజీల తర్వాత వస్తుంది? అసలు వస్తుందా? భారతం యుద్ధం అయ్యాక ఒక పర్వం మొత్తాన్ని ఏడ్చే ఆడవాళ్ళకు ఇచ్చింది. గాంధారి ఒక్కొక్క శవం దగ్గర ఆగి, పేరు పెట్టి పిలుస్తుంది, శత్రువుల శవాల దగ్గర కూడా ఆగుతుంది.

ఇప్పటి కథల్లో ఎక్కువగా జరిగేది దీనికి తలకిందులు. మొదటి ఇరవై నిమిషాల్లో విలన్ చేత ఒక పసిబిడ్డనో, ఒక ఆడపిల్లనో నాశనం చేయిస్తారు. ఆ దృశ్యం ఆ పిల్ల కోసం కాదు, తర్వాత రెండు గంటలు హీరో చేసే ప్రతి పనికీ ముందుగా తీసుకున్న అనుమతి పత్రం. ఆ పిల్లకు ఒక ఇష్టం, ఒక అలవాటు, ఒక మాట కూడా రాయరు. రాస్తే మనం ఆమెనే తలచుకుంటూ కూర్చుంటాం, నరుకుడును ఆనందించలేం. అశ్వత్థామ జాబితా చదివినట్టే కథ మనచేత జాబితా చదివిస్తుంది. రాసేవాళ్ళు ఒక్క పని చేసి చూడండి: అనుచరుల గుంపులో చచ్చే ఒకడికి పేరు పెట్టి, మర్నాడు వాడి ఇంటి తలుపు తట్టే దృశ్యం ఒకటి రాయండి. అది పెట్టాక కూడా హీరో నిలబడితే ఆ కథలో హింసకు చోటుంది. నిలబడకపోతే లోపం ఆ కొత్త దృశ్యంలో లేదు.

ద్రౌపది ఏం చేసిందో కూడా చూడాలి. భారతంలో అశ్వత్థామను చంపేదాకా లేవనని ప్రాయోపవేశానికి కూర్చుంది, చివరికి మణితో సరిపెట్టుకుని, గురుపుత్రుడు నాకు గురువులాంటివాడే అంది. భాగవతంలో ఇంకా ముందుకెళ్ళింది. కట్టి తెచ్చి ముందు నిలబెట్టినవాణ్ణి విడిచిపెట్టమంది, నేను ఏడ్చినట్టు వీడి తల్లి ఏడవకూడదు అంది. ఐదుగురు కొడుకుల్ని పోగొట్టుకున్న మనిషి, ఫిర్యాదు అందరికన్నా పెద్దదైన మనిషి, తన జాబితా చదవలేదు.

జాబితా చదివినవాళ్ళ కథ అక్కడితో ఆగలేదు. యుద్ధమైన 36 ఏళ్ళకు, ప్రభాస తీర్థంలో యాదవులు తాగి కూర్చున్నప్పుడు, నిద్రపోతున్నవాళ్ళను చంపినవాడివి అని, పాండవుల పక్షాన పోరాడిన సాత్యకి కృతవర్మను ఎత్తిపొడిచాడు. చెయ్యి తెగి ప్రాయోపవేశంలో కూర్చున్న భూరిశ్రవుణ్ణి నరికినవాడివి నువ్వు అని కృతవర్మ బదులిచ్చాడు. రెండూ నిజాలే. సాత్యకి లేచి అతని తల నరికాడు. చుట్టూ ఉన్నవాళ్ళు సాత్యకినీ, అడ్డొచ్చిన ప్రద్యుమ్నుణ్ణీ చంపారు. కొడుకు పడిపోవడం చూసి కృష్ణుడే పిడికెడు తుంగ పీకాడు, అది ఇనుప ముసలంగా, అంటే రోకలిగా మారింది. ఆ తర్వాత అక్కడ ఎవరి చేతికి అందిన గడ్డిపోచ వాళ్ళకు ఆయుధమైంది, ఆపమని మధ్యలో నిలబడడానికి ఆ రోజు నారదుడూ లేడు, వ్యాసుడూ లేడు.