2 లక్షల 25 వేల నుంచి 9 లక్షల దాకా: పికప్ బండి ధర నిజంగా ఎంత పెరిగింది?

ఇరవై ఏళ్ల కిందట రెండున్నర లక్షల లోపు దొరికిన చిన్న గూడ్స్ బండి ఇవాళ తొమ్మిది, పది లక్షలు ఎందుకయిందని, ఈ ధరకు కొత్తది కొంటే గిట్టుబాటవుతుందా అని మీరు అడిగారు. 2006 నుంచి మదనపల్లె టమాటా మార్కెట్టుకు సరుకు తోలుతూ, ఒకదాని తర్వాత ఒకటిగా మూడు బండ్లకు వాయిదాలు కట్టినవాణ్ని కాబట్టి నా అనుభవం మీకు కొంత ఉపయోగపడవచ్చు. నా లెక్కలో బండి ధర పెరిగిన దానికన్నా, మనం కొనే బండి సైజు పెరిగింది ఎక్కువ.

మా నాన్నగారి కాలంలో టమాటా గంపల్లో బస్సు టాపు మీద వెళ్లేది, పంట ఎక్కువైన రోజున నలుగురు రైతులు కలిసి మటడోర్ వ్యాను మాట్లాడుకునేవారు. 1980ల్లో తేలికపాటి లారీల కోసం జపాన్ కంపెనీలతో కలిసి నాలుగు సంస్థలు రంగంలోకి దిగాయి. వాటిలో ఆల్విన్ నిస్సాన్ మన జహీరాబాద్‌లోనే తయారయ్యేది. యెన్ విలువ పెరగడంతో దిగుమతి విడిభాగాలు భారమై ఆ బండ్లు ధరలో నిలబడలేకపోగా, 1986లో వచ్చిన టాటా 407 మార్కెట్టును పట్టుకుంది. అయితే అవేవీ చిన్న రైతు కుటుంబం సొంతంగా కొనగలిగేవి కావు, ఊళ్లో ఒక షావుకారుకు ఉంటే మిగిలినవాళ్లు ఆయన దగ్గర బాడుగకు తీసుకునేవారు.

ఆ పరిస్థితిని మార్చింది 2005 మేలో సుమారు 2 లక్షల 25 వేల ధరతో వచ్చిన టాటా ఏస్. రెండు సిలిండర్ల ఇంజను, 16 హార్స్‌పవర్, 750 కిలోల బరువు మోసే సామర్థ్యం: చూడడానికి చిన్నదే అయినా, ఆటో నడుపుకునే మనిషి నాలుగు చక్రాల బండికి యజమాని కావడం దానితోనే సాధ్యమైంది. నేను మరుసటి ఏడాది రిజిస్ట్రేషన్, బీమాతో కలిపి 2 లక్షల 65 వేలకు కొన్నాను. అందులో 2 లక్షల 10 వేలు ఫైనాన్సు, నెలకు దాదాపు 7 వేల చొప్పున 36 వాయిదాలు.

అనుమతించిన బరువుకు మేం ఏనాడూ కట్టుబడలేదు. తెల్లవారుజామున గుర్రంకొండ దగ్గర తోటలో కింద పన్నెండు బాక్సులు పేర్చి, వాటి మీద ఇంకో మూడు వరుసలు ఎక్కిస్తే మొత్తం 48 అయ్యేవి. బాక్సు 25 కిలోలనుకున్నా పన్నెండు వందల కిలోలు. వెనక చక్రానికీ పైనున్న రేకుకూ మధ్య రెండు వేళ్ల సందు మిగిలేది కాదు. 2009 వేసవిలో అలాంటి లోడుతోనే తిరుపతికి వెళుతుండగా భాకరాపేట ఘాట్‌లో బండి బరువును మోసే కమాన్ పట్టీ విరిగింది. తప్పు పూర్తిగా నాదే. బాక్సులన్నీ రోడ్డు పక్కన దించి, ఇంకో బండి వచ్చేసరికి ఎండకు పై వరుసల కాయ మెత్తబడిపోయింది, ఆ రైతుకు నష్టం నేనే కట్టాను.

చాలామంది పెద్ద బండికి మారడానికి అసలు కారణం అదే. నేనూ 2013లో దాదాపు 6 లక్షలకు బొలెరో పికప్ తీసుకున్నాను. ఏస్ ధర ఆరు లక్షలయిందని నేను అనుకోలేదు, ఇంకా ఎక్కువ బరువు మోసే వేరే తరగతి బండికి వెళ్లానని అనుకున్నాను. శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వి-క్రాస్ లాంటివి 2016లోనే 12 లక్షలు దాటాయి కానీ, అవి కుటుంబంతో తిరగడానికి కొనేవి, మన లెక్కలోకి రావు.

మూడోది, టన్నున్నర పికప్, 2021లో 9 లక్షల 40 వేలయింది. ఇక్కడ మాత్రం ధర నిజంగానే పెరిగింది. 2017 ఏప్రిల్‌లో బీఎస్-4, 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 అనే కాలుష్య నియంత్రణ నిబంధనలు వచ్చి, పొగను శుభ్రపరిచే సామగ్రి, సెన్సర్లు ప్రతి బండిలోనూ చేరాయి. జీఎస్టీ 28 శాతం ఉండేది. పాత బండికి రిపేరు వస్తే మా ఊరి మెకానిక్ ఇంజను దగ్గర చెవి పెట్టి విని చెప్పేవాడు, ఈ బండికి పసుపు దీపం వెలిగితే కంప్యూటరు తగిలించగలిగే చోటికి తీసుకెళ్లక తప్పదు. అయినా ఊరి మధ్యలో బండి నిలిపినప్పుడు పిల్లల ముఖం మీదికి నల్లపొగ వెళ్లకపోవడం నాకు సంతోషమే, దానికి కొంత ధర చెల్లించడం న్యాయమనే భావిస్తాను.

గిట్టుబాటు సంగతికి వస్తే, నేను రూపాయల్లో కాకుండా బాక్సుల్లో లెక్కేసుకుంటాను. 2006లో బాక్సుకు 6 రూపాయల బాడుగ, అంటే నెల వాయిదాకు సుమారు 1,160 బాక్సులు తోలాలి. 2021లో బాడుగ 16 రూపాయలు, 7 లక్షల 90 వేల ఫైనాన్సు మీద వాయిదా 17,800, అంటే సుమారు 1,110 బాక్సులు. నెలకు చూస్తే భారం పెరగనట్టే ఉంది, కానీ వాయిదాలు 36 కాదు, 60. అదనంగా రెండేళ్లు బండి మనది కాదు. పైగా 40 రూపాయల లోపున్న డీజిలు 2021లో వంద దాటింది, డ్రైవరు జీతం, టైర్లు సరేసరి. మనల్ని నలిపేది షోరూములో రాసిన ధర కన్నా ఈ అదనపు 24 నెలలే.

ఇప్పుడు కొనేవారికి రెండు మేళ్లు జరిగాయి. 2025 జూన్‌లో 750 కిలోల సామర్థ్యంతోనే పెట్రోలు ఏస్ ప్రో 3 లక్షల 99 వేల షోరూము ధరకు వచ్చింది. ఇరవై ఏళ్లలో డీజిలు, కూలి పెరిగిన దానితో పోలిస్తే ఇది తక్కువే. 2025 సెప్టెంబరు 22 నుంచి సరుకు రవాణా బండ్ల మీద జీఎస్టీ 18 శాతానికి తగ్గింది. కాబట్టి షోరూముకు వెళ్లేముందు గడచిన మూడు నెలల్లో మీరు ఒక్కో ట్రిప్పుకు నిజంగా ఎంత బరువు తోలారో నోటుపుస్తకంలో రాసుకోండి. అది 700 కిలోలు దాటకపోతే చిన్న బండి తీసుకుని 36 నెలల్లో అప్పు తీర్చేయండి. టన్ను దాటుతుంటే పెద్దదే కొనండి, కానీ మొదటి చెల్లింపు మూడో వంతుకు తగ్గకుండా చూసుకోండి.