మూడో సిలిండర్ ఒక్కటే వేడెక్కుతుంటే ముందు మూతులు కోయకండి, గాలి ఎటు పోతోందో కొలవండి

మీ ప్రశ్న క్లుప్తంగా: గాజువాక షెడ్డులో కట్టుకున్న రెండు సీట్ల విమానం, 160 హార్స్‌పవర్ లైకమింగ్ ఓ-320 ఇంజిన్. పైకెక్కేటప్పుడు మూడో సిలిండర్ హెడ్ 235 డిగ్రీల సెల్సియస్ చూపిస్తోంది, మిగతా మూడూ 205 నుంచి 215 మధ్యలో ఉన్నాయి, ఆయిల్ 108. ముందున్న గాలి మూతులు పెద్దవి చేయాలా, కింది కౌలింగ్‌కి (ఇంజిన్ చుట్టూ ఉండే తొడుగుకి) లూవర్లు (గాలి బయటికి పోయే చీలికలు) కొట్టించాలా అని అడిగారు.

ఇప్పటికి రెండూ వద్దండి. బయటికి పోయే దారిని బట్టే లోపలికి గాలి వస్తుంది. దారి లేనప్పుడు మూతి ఎంత పెద్దది చేసినా గాలి మూతి దగ్గరే పొర్లి కౌలింగ్ పక్కలనుంచి జారిపోతుంది, డ్రాగ్ (గాలి నిరోధం) మాత్రం పెరుగుతుంది. పైగా మీకు మూడు సిలిండర్లు కాస్త అటూ ఇటూగా ఒకేలా ఉన్నాయి. అంటే గాలి మొత్తం మీద మరీ తక్కువేమీ కాదు, మూడోదానికి దాని వంతు అందడం లేదు. హెడ్ ఉష్ణోగ్రతకి లైకమింగ్ పెట్టిన ఎర్రగీత, అంటే దాటకూడని హద్దు, 260. కానీ ఇంజిన్ ఎక్కువకాలం మన్నాలంటే గట్టిగా నడిపే క్రూజ్‌లో 224 దాటనివ్వొద్దని, పొదుపుగా నడిపేటప్పుడు 205 లోపు ఉంచమని ఆ కంపెనీయే చెబుతుంది. కాబట్టి 235ని వదిలేయకూడదు.

మొదట ప్రోబ్ (వేడి కొలిచే సెన్సర్) సంగతి తేల్చుకోండి. మూడో సిలిండర్ ప్రోబ్‌ని నాలుగోదానికి, నాలుగోదాన్ని మూడోదానికి మార్చి ఒకసారి ఎగరండి. వేడి ప్రోబ్‌తోపాటు నాలుగుకి వెళ్తే తప్పు ప్రోబ్‌ది లేదా దాని వైరింగ్‌ది. స్పార్క్ ప్లగ్ కింద వాషర్‌లా కూర్చునే ప్రోబ్ ఉంటే దాని రీడింగ్‌ని ఎర్రగీతతో పోల్చకండి. ఆ అంకె హెడ్‌లోని బావిలో దిగే బయొనెట్ ప్రోబ్‌కి చెప్పింది.

ప్రోబ్ సరిగ్గానే ఉంటే నా అనుమానం నేరుగా మూడో సిలిండర్ వెనక రేకు మీదకే వెళ్తుంది. లైకమింగ్‌లో పైలట్ సీటునుంచి చూస్తే కుడి ముందుది ఒకటి, ఎడమ ముందుది రెండు, కుడి వెనకది మూడు, ఎడమ వెనకది నాలుగు. ఈ హెడ్‌లకి ఒక పక్క ఫిన్లు (వేడి వదిలే పల్చటి రెక్కలు) లోతుగా, ఇంకో పక్క బాగా పొట్టిగా ఉంటాయి. ఆ పొట్టి పక్క మూడోదానికి వెనక్కి, రెండోదానికి ముందుకి వస్తుంది. వెనక బఫిల్ రేకుని (గాలిని ఫిన్ల మీదుగా మళ్లించే అడ్డు రేకుని) హెడ్‌కి ఆనించి బోల్టు బిగిస్తే ఆ వైపు గాలి దిగడానికి సందే మిగలదు. రేకుకీ హెడ్‌కీ మధ్య బోల్టు దగ్గర వాషర్లు వేసి 3, 4 మిల్లీమీటర్లు ఎడం చేయండి. ఇంకా మంచి పద్ధతి, అక్కడ రేకుని కోసి, 10 మిల్లీమీటర్ల లోతున్న చిన్న డబ్బాలాంటి ముక్క చేసి వెనకవైపు రివెట్ చేయడం. దాని పైభాగం పై గదికీ (కౌలింగ్‌లో సిలిండర్ల పైనున్న చోటు), కిందిభాగం కింద గదికీ (వాటి కిందున్న చోటు) తెరిచి ఉండాలి, పక్కలు మూసి ఉండాలి. 0.8 మిల్లీమీటర్ల అల్యూమినియం రేకుతో ఆటోనగర్‌లో ఏ మంచి షీట్ మెటల్ మేస్త్రీ అయినా చేసిపెడతాడు, అట్టముక్కతో నమూనా కోసి తీసుకెళ్లండి. చాలా ఇంజిన్లలో ఈ ఒక్క పనితోనే మూడోది మిగతావాటి దగ్గరికి వచ్చేస్తుంది.

బఫిల్ విప్పినప్పుడే ఫిన్ల మధ్య టార్చి వేసి చూడండి. పోతపోసినప్పుడు మిగిలిపోయిన పల్చటి లోహపు పొర, ముఖ్యంగా ప్లగ్ చుట్టూ, ఎగ్జాస్ట్ పోర్ట్ దగ్గర, ఫిన్ల మధ్య దారిని పూర్తిగా మూసేసి ఉండొచ్చు. సన్న తీగ పైనుంచి కిందికి దూరాలి. దూరకపోతే సన్న ఆకురాయితోనో, అరగదీసిన హాక్సా బ్లేడుతోనో నెమ్మదిగా తీయండి. ఫిన్ అంచుకి గాటు పడనివ్వొద్దు, పగులు అక్కడే మొదలవుతుంది. పోర్టులూ ప్లగ్ రంధ్రాలూ ముందే మూసేయండి.

ఇక గాలి ఒత్తిడి కొలత. రెండు 6 మిల్లీమీటర్ల అల్యూమినియం గొట్టాలు, ఒక్కోటి 30 సెంటీమీటర్లు, కొసలు మూసి, రెండుమూడు సెంటీమీటర్లకి ఒకటి చొప్పున 1 మిల్లీమీటరు రంధ్రాలు వేయండి. గాలి విసురు నేరుగా తగలకుండా పలచగా గ్లాస్ గుడ్డ చుట్టండి. ఒకటి సిలిండర్ల పైన, ఒకటి సిలిండర్ల కింద ఎగ్జాస్ట్‌కి దూరంగా కట్టండి. ఫైర్‌వాల్ (ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య గోడ) దాకా లోహపు గొట్టమే ఉండాలి, ఫైర్‌వాల్ రంధ్రాన్ని ఫైర్ సీలెంట్‌తో మూయాలి, లేకపోతే కార్బన్ మోనాక్సైడ్ క్యాబిన్‌లోకి వస్తుంది. లోపల ఒక పాత ఎయిర్‌స్పీడ్ ఇండికేటర్ (వేగం చూపే మీటరు) తీసుకుని పై గొట్టాన్ని దాని పిటో మూతికి (ఎదురుగాలి ఒత్తిడి వచ్చేది), కింది గొట్టాన్ని స్టాటిక్ మూతికి (మామూలు గాలి ఒత్తిడి వచ్చేది) తగిలించండి. విమానం అసలు పిటో, స్టాటిక్ లైన్లని ముట్టుకోవద్దు. ఒంటరిగా ఎగురుతుంటే ఫోన్ కెమెరాతో రికార్డు చేసుకోండి, కళ్లు బయటే ఉండాలి.

లెక్క తేలిక. అసలు మీటరు 80 నాట్లు, పాత మీటరు 72 నాట్లు చూపిస్తే, 72ని 80తో భాగించి వర్గం చేయండి: 0.81. ఎదురుగాలి ఒత్తిడిలో 81 శాతం ఫిన్ల మీదుగా పనిచేస్తోందన్నమాట, అది చక్కటి అంకె. 80 నాట్ల దగ్గర మొత్తం ఒత్తిడే 106 మిల్లీమీటర్ల నీళ్లు (ఆ ఒత్తిడి అంత ఎత్తు నీటిని నిలబెట్టగలదు), 90 దగ్గర 134, 100 దగ్గర 165. ఈ తరహా ఇంజిన్‌కి 125 నుంచి 150 ఉంటే నిశ్చింత. ఈ అంకెలు చూస్తే, 80 నాట్లతో ముక్కెత్తి ఎక్కుతూ కౌలింగ్‌ని తిట్టడం న్యాయం కాదని అర్థమవుతుంది. టేకాఫ్ తర్వాత అడ్డంకులు దాటగానే 95, 100 నాట్లకి ముక్కు దించడం ఖర్చులేని మందు.

తరువాత ఒక్కో గొట్టాన్ని విడిగా చూడండి, రెండో మూతిని క్యాబిన్‌కి వదిలేస్తే ఈ పనికి చాలు. పై గదిలోనే ఒత్తిడి లేకపోతే లీకులు, లేదా మూతి లోపలి అంచు పదునుగా ఉండి గాలి విడిపోవడం. పైన బాగుండి కింద కూడా ఒత్తిడి పేరుకుంటే బయటికి పోయే దారి ఇరుకు. రెండింటి మధ్య తేడా బాగుండి కూడా హెడ్ కాలుతుంటే గాలి ఫిన్లని తాకకుండా పోతోంది, లేదా ఇంజిన్ అసలే ఎక్కువ వేడి పుట్టిస్తోంది.

లీకుల మీద ఎంత ఓపిక పెట్టినా దండగ కాదు. 4 మిల్లీమీటర్ల సందు అర మీటరు పొడవుంటే అది 5 సెంటీమీటర్ల వ్యాసమున్న బొక్కతో సమానం. అటు పోయిన గాలి పై ఒత్తిడిని తగ్గించడమే కాక కింద దారిని కూడా ఆక్రమిస్తుంది, అందుకే రెండు విధాలా నష్టం. రాత్రి కౌలింగ్ పూర్తిగా బిగించి కిందినుంచి ఎల్ఈడీ లైటు పెట్టి ముందు మూతుల్లోంచి చూడండి, వెలుతురు కనబడ్డ ప్రతిచోటా గాలి పోతుంది. రబ్బరు పట్టీ సిలికాన్‌ది, 2 నుంచి 3 మిల్లీమీటర్ల మందం ఉండాలి. పట్టీ ఎప్పుడూ ఒత్తిడి ఉన్న వైపుకి, అంటే ముందుకీ లోపలికీ వంగాలి, అప్పుడే గాలే దాన్ని కౌలింగ్‌కి అదుముతుంది. బయటికి వంగితే గాలి దాన్ని తోసుకుని పోతుంది. రేకు అంచుకీ కౌలింగ్‌కీ 10, 12 మిల్లీమీటర్లు వదలండి, స్టార్ట్ చేసేటప్పుడూ ఆపేటప్పుడూ ఇంజిన్ ఊగుతుంది. కొన్ని ఫ్లైట్ల తర్వాత పై కౌలింగ్ తిరగేసి చూస్తే పట్టీ రాసుకున్న నల్లటి గీత ఉంటుంది. ఆ గీత ఎక్కడ తెగిందో అక్కడ పట్టీ ఆనడం లేదు. మూలల్లో పట్టీని చీల్చి వదిలేయకండి, ఒకదానిమీద ఒకటి ఎక్కించండి. స్పిన్నర్ (ప్రొపెల్లర్ ముందుండే టోపీ) వెనక, ఇంజిన్ ముక్కు చుట్టూ ఉండే సందుని చాలామంది మరిచిపోతారు. సిలిండర్ల మధ్య కిందినుంచి బిగించే రేకులు ఫిన్లకి అంటిపెట్టుకుని ఉన్నాయో లేదో చేత్తో తడిమి చూడండి.

చిన్న సందులకి ఎర్ర ఆర్టీవీ సిలికాన్ వాడొచ్చు, కానీ వెనిగర్ వాసన వచ్చే రకం వద్దు, ఆ ఆమ్లం అల్యూమినియాన్ని తింటుంది. మన ఉప్పుగాలి దానికి తోడైతే రివెట్ల చుట్టూ తెల్లటి పొడి తేలడానికి ఎన్నాళ్లో పట్టదు. న్యూట్రల్ క్యూర్ అని రాసి ఉన్నదే కొనండి, పెట్రోలు తగిలేచోట ఏదీ వాడకండి.

ఆయిల్ కూలర్ కూడా పై గదిలోని గాలినే తాగుతుంది కాబట్టి దాని రంధ్రం పెద్దది చేస్తే సిలిండర్లకి తగ్గుతుంది. ముందు కూలర్ చుట్టూ సందులు మూసి, ఫిన్లలో దుమ్ము, ఉప్పు కడిగి, వెర్నాథెర్మ్ (ఆయిల్ వేడెక్కితే మూసుకునే వాల్వు) పూర్తిగా మూసుకుంటోందో లేదో చూడండి. అది 85 డిగ్రీల దగ్గర ఆయిల్‌ని కూలర్ వైపు మళ్లించాలి. 118 ఆయిల్‌కి ఎర్రగీత, మీరు దానికి మరీ దూరంలో లేరు.

మాగ్నెటో (ప్లగ్‌లకి స్పార్క్ అందించే పరికరం) టైమింగ్ డేటా ప్లేట్ మీద ఉన్నంతే ఉండాలి, రెండు మూడు డిగ్రీలు ముందుకి జరిగినా హెడ్‌లు కాలతాయి. ఫుల్ థ్రాటిల్, ఫుల్ రిచ్‌లో ఇంధనం గంటకి 50 లీటర్ల చుట్టుపక్కల పోవాలి. బాగా తక్కువైతే కార్బురేటర్ చూడండి. ఒక్క మూడోదే లీన్‌గా (గాలికి తగినంత ఇంధనం లేకుండా) ఉంటే దాని ఇన్‌టేక్ గ్యాస్కెట్ లీకవుతుండొచ్చు.

ఒక్కసారి ఒక్క మార్పే చేయండి. ప్రతిసారీ అదే వేగం, అదే పవర్, బయటి ఉష్ణోగ్రత రాసుకోండి. బయట ఒక డిగ్రీ పెరిగితే హెడ్ దాదాపు ఒక డిగ్రీ పెరుగుతుంది. జనవరి పొద్దున 20 డిగ్రీల్లో 215 వచ్చిందని సంతోషిస్తే మే మధ్యాహ్నం 36లో 231 వస్తుంది. వేసవిలో టేకాఫ్‌కి ముందు ఆగాల్సి వస్తే ముక్కు సముద్రపు గాలికి ఎదురు పెట్టి నిలపండి.

ఇవన్నీ అయ్యాక కూడా కింది గదిలో ఒత్తిడి పేరుకుంటేనే బయటి దారి జోలికి వెళ్లండి. వైశాల్యం లెక్కించేటప్పుడు రెండు 50 మిల్లీమీటర్ల ఎగ్జాస్ట్ పైపులు 39 చదరపు సెంటీమీటర్లు తినేస్తాయని తీసేయండి. ఫైర్‌వాల్ కింది అంచు నిట్టనిలువు మూలగా ఉంటే 50 నుంచి 75 మిల్లీమీటర్ల వ్యాసార్ధంతో వంచిన రేకు వేయండి, గాలి విరగకుండా తిరుగుతుంది. అప్పటికీ చాలకపోతే దారి ముందు అంచుకి 30 మిల్లీమీటర్ల పెదవి కిందికి వంచి స్క్రూలతో పెట్టి చూడండి. కాస్త వేగం పోతుంది కానీ పనిచేయకపోతే విప్పేయొచ్చు. లూవర్లు ఒకసారి కోశాక వెనక్కి పోవు, అందుకే వాటిని అన్నిటికంటే చివరికి ఉంచమంటున్నాను.