నాలుగు కిలోల షిట్జూ కుక్క గిన్నెలో నీళ్ళు ముట్టడం లేదు, ఈ ఎండల్లో ఎలా తాగించాలి?

మీ షిట్జూకి రెండేళ్ళు, పొద్దున పోసిన నీళ్ళు సాయంత్రానికి అలాగే ఉంటున్నాయి, పాలు పోస్తే మాత్రం తాగేస్తోంది అని రాశారు. చదువుతుంటే 2023 వేసవిలో మా ఇల్లే కళ్ళ ముందు కనబడింది. నేను డాక్టర్ని కాదు. మా కుక్కతో పడ్డ పాట్లు చెప్తాను, మీకు పనికొచ్చింది తీసుకోండి.

మాది తెల్ల పొమేరియన్. పేరు జున్ను, బరువు ఐదు కిలోలు. మావాడు కాలేజీలో ఉండగా ముచ్చటపడి తెచ్చుకుని, బెంగళూరులో ఉద్యోగం రాగానే మా మీద వదిలేసి వెళ్ళాడు. విజయవాడ సత్యనారాయణపురంలో మేడ మీది వాటా మాది. పైన ఇంకో అంతస్తు లేదు, కాబట్టి ఏప్రిల్ వచ్చిందంటే శ్లాబు కుంపటే.

మొదటి మూడేళ్ళు అది నీళ్ళు తాగుతోందా లేదా అని మేం పట్టించుకోలేదు. నిజానికి చాలా తక్కువే తాగేది. కుక్కంటే తనకి గిట్టదని అందరికీ చెప్పే మా అత్తయ్యే రెండు పూటలా అన్నం మెత్తగా పిసికి, పెరుగు వేసి, ఇన్ని నీళ్ళు పోసి జారుగా కలిపి పెట్టేవారు. రాత్రికి ఉడకబెట్టిన కోడి ముక్కలు నాలుగు. అది తిని శుభ్రంగా ఉండేది.

2023లో ఉగాదికి కాస్త ముందు రెండు పనులు చేశాం, రెండూ దాని మంచికే అనుకున్నాం. బొచ్చు రాలుతోందని, పళ్ళకి గార పట్టిందని పెరుగన్నం మాన్పించి ప్యాకెట్లో వచ్చే డ్రై ఫుడ్ మొదలుపెట్టాం. అదే రోజుల్లో, వీధిలో పిల్లలంతా ఎత్తుకుని ముద్దులాడుతున్నారు, దిష్టి తగులుతుందని అత్తయ్య నల్లతాడుకి ఇత్తడి మువ్వ గుచ్చి దాని మెడలో కట్టారు.

ఏప్రిల్ ఆఖరు వారానికి అది మాటిమాటికీ తలుపు దగ్గరకి వెళ్ళి నిలబడ్డం మొదలైంది. కిందకి తీసుకెళ్తే నాలుగు చుక్కలు పోసేది. ఆ నాలుగు చుక్కలూ కుంకుడు రసం రంగులో ఉండేవి. ఇంకో వింత ఏమిటంటే, గిన్నెలో నీళ్ళు ముట్టని కుక్క, నేను స్నానం చేసి రాగానే బాత్రూంలోకి దూరి తడి గచ్చు నాకేది. పాడు అలవాటని కసురుకునేదాన్ని. దాహమేమోనన్న ఆలోచనే రాలేదు. పైగా ఆ గచ్చు ఫినాయిలు వేసి కడిగేది. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

పశువుల డాక్టరు దగ్గరకి పరిగెత్తాం. మూత్రం పరీక్ష, కడుపు స్కానింగ్ చేశారు. రాళ్ళయితే ఇంకా కట్టలేదు గానీ సన్న ఇసుకలాంటి స్ఫటికాలు ఉన్నాయన్నారు. చిన్న జాతి కుక్కల్లో మూత్రాశయంలో రాళ్ళు బాగా కనబడే జబ్బేనట. వాటిలో షిట్జూ కూడా ఉంది కాబట్టే మీకు ఇంత వివరంగా రాస్తున్నాను. మందులు రాసిచ్చాక ఆయన ముందుగా అడిగింది దాని తిండి గురించి. డ్రై ఫుడ్‌కి మార్చామని చెప్పగానే కాగితం తీసుకుని లెక్క వేసి చూపించారు. ఆ లెక్క నాకు ఇప్పటికీ నోటికొచ్చు.

కుక్కకి రోజుకి కిలో బరువుకి సుమారు 50 నుంచి 60 మిల్లీలీటర్ల నీళ్ళు కావాలి. జున్నుకి 250 నుంచి 300, మీదానికి 200 నుంచి 240 అన్నమాట. ఇందులో తిండి ద్వారా వెళ్ళే నీళ్ళు కూడా కలిసే ఉంటాయి. అత్తయ్య జారుగా కలిపిన పెరుగన్నం పావుకిలో పెడితే అందులో దాదాపు 200 గ్రాములు నీళ్ళే. అంటే అది అన్నం రూపంలో నీళ్ళు తాగేసేది, గిన్నెతో దానికి పెద్దగా పని ఉండేది కాదు. డ్రై ఫుడ్‌లో తేమ 10 శాతం దగ్గర ఉంటుంది. 80 గ్రాములు పెడితే ఒంట్లోకి వెళ్ళేవి 8 మిల్లీలీటర్లు, రెండు చెంచాలు కూడా కాదు. మిగతాదంతా అది గిన్నెలోనే తాగాలి. తిండి మార్చాం గానీ దాని నీళ్ళ అలవాటు పాతదే.

అందుకే నా మొదటి ప్రశ్న: మీరు దానికి ఏం పెడుతున్నారు? ఇంటి తిండి, అదీ జారుగా పెడుతుంటే, గిన్నెలో నీళ్ళు తగ్గకపోయినా అంత టెన్షన్ అక్కర్లేదు. మూత్రం లేత పసుపులో, రోజూ పోసినన్నిసార్లు పోస్తుంటే చాలు. డ్రై ఫుడ్ ఒక్కటే పెడుతుంటే మాత్రం ఇవాళే దాన్ని గోరువెచ్చని నీళ్ళలో ఓ పావుగంట నానబెట్టి పెట్టండి. మేం మొదట చేసిన పని అదే. 80 గ్రాములకి 120 మిల్లీలీటర్లు పోసేదాన్ని. రెండు రోజులు మొహం తిప్పుకుంది, మూడో రోజు ఉడికించిన చికెన్ నలిపి పైన చల్లితే తినేసింది. ఒక్కటి గుర్తుంచుకోండి, నానిన తిండి ఈ వేడికి గంటలో పులిసిపోతుంది. తినగా మిగిలింది తీసి పారేయాలి.

ఇక మువ్వ సంగతి. ఇది ఏ డాక్టరూ కనిపెట్టగలిగేది కాదు. మే నెలలో ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. ఫ్యాను లేదు, టీవీ లేదు, ఇల్లంతా నిశ్శబ్దం. జున్ను నెమ్మదిగా లేచి స్టీలు గిన్నె దగ్గరకెళ్ళి తల వంచింది. టింగ్‌మని చప్పుడు. ఎగిరి వెనక్కి దూకింది! కాసేపు గిన్నె చుట్టూ తిరిగి, మళ్ళీ వంగింది. మళ్ళీ టింగ్. ఇక తోక ముడుచుకుని మంచం కిందకి వెళ్ళిపోయింది. మెడలో మువ్వ స్టీలు అంచుకి తగిలి మోగుతోంది. రెండు నెలలుగా ఆ కుక్క నీళ్ళు తాగబోయిన ప్రతిసారీ బెదిరిపోతోందన్నమాట. తాడుతో సహా విప్పేద్దామంటే అత్తయ్య ఒప్పుకోలేదు. చివరికి తాడు ఉంచి మువ్వ తీసేలా రాజీ కుదిరింది.

ఆ రోజే స్టీలు గిన్నె కూడా మార్చేశాం. కుండలమ్మే ఆమె దగ్గర వెడల్పాటి మట్టి మూకుళ్ళు మూడు కొన్నాను. మట్టిలో నీళ్ళు చల్లగా ఉంటాయి, చప్పుడు కాదు, జరిగిపోదు. ఒకటి హాల్లో, ఒకటి అది పడుకునే మంచం పక్కన, ఒకటి వంటింటి గుమ్మం దగ్గర పెట్టాను. మీ షిట్జూది చప్పిడి మూతి, మూతి చుట్టూ వెంట్రుకలు కదా. లోతు గిన్నె అయితే మొహమంతా తడిసి చిరాకు పడుతుంది. లోతు తక్కువది పెట్టి, మూతి దగ్గర వెంట్రుకలు కాస్త కత్తిరించి చూడండి. మూకుడు లోపల రెండు రోజులకే జిగురు పడుతుంది, రోజూ పీచుతో తోమాల్సిందే. సబ్బు పెట్టకండి, మట్టి పీల్చుకుంటుంది.

నీళ్ళు కూడా ముఖ్యమే. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, మరి మేడ మీది సింటెక్స్ ట్యాంకు నీళ్ళెలా ఉంటాయి? కుళాయి తిప్పితే టీ పెట్టుకోవచ్చు. ఆ నీళ్ళు పోసి తాగట్లేదంటే అది దాని తప్పా? మేం తాగే టిన్ను నీళ్ళే దానికీ పోస్తాం, పూటకోసారి మారుస్తాం.

ఎంత తాగుతోందో కొలవడానికి పొద్దున కొలిచి పోసి, మర్నాడు పొద్దున మిగిలింది కొలవండి. అయితే నేను మొదటి వారం మోసపోయాను. 300 పోస్తే 180 మిగిలింది, 120 తాగిందని సంబరపడ్డాను. మా ఆయన అనుమానమొచ్చి అలాంటిదే ఇంకో మూకుడు కుక్కకి అందకుండా అలమర మీద పెట్టారు. అందులోనూ 40 తగ్గింది! ఎండకి ఆవిరైంది కొంత, మట్టి పీల్చింది కొంత. అప్పటి నుంచి అది తీసేసి లెక్క కట్టాం.

పాల విషయం. పెద్దయిన కుక్కల్లో చాలావాటికి పాలు సరిగ్గా అరగవు, విరేచనాలు పట్టుకుంటే ఉన్న నీళ్ళూ పోతాయి. దానికి బదులు ఉప్పు వేయని పల్చటి మజ్జిగ నాలుగైదు చెంచాలు ఇచ్చి చూడండి, పడితే కొనసాగించండి. జున్నుకి బాగా నచ్చింది కోడి ఉడికించిన నీళ్ళు. అందులో ఉప్పు, అల్లం వెల్లుల్లి, మసాలా ఏవీ పడకూడదు. ఉల్లి, వెల్లుల్లి కుక్కల రక్తాన్ని పాడుచేస్తాయి, అందుకే మన కూరలోంచి తీసిన పులుసు, రసం పొయ్యొద్దు. ఆ కోడి నీళ్ళు చల్లార్చి, పైన తేలిన కొవ్వు తీసేసి, ఐసు ట్రేలో పోసి పెట్టేదాన్ని. మధ్యాహ్నం ఒక ముక్క మూకుట్లో వేస్తే ఆ ముక్క కోసం నీళ్ళన్నీ తాగేది. గింజలు తీసిన పుచ్చకాయ ముక్కలు, కీరా కూడా పెట్టొచ్చు. ద్రాక్షపళ్ళు, ఎండుద్రాక్ష మాత్రం ఒక్కటి కూడా వద్దు, కిడ్నీలకి ప్రమాదం.

బలవంతంగా నోట్లో పొయ్యడం నేను చేసిన పెద్ద తప్పు. చెంచాతో గొంతులో పోస్తే పొలమారి ఉక్కిరిబిక్కిరైపోయింది. నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదకొస్తుంది. తప్పనిసరైతే సూది లేని సిరంజితో చెంప సందులోంచి కొంచెం కొంచెంగా, అది మింగాక మళ్ళీ కొంచెం. స్పృహ సరిగ్గా లేకపోతే, వాంతులవుతుంటే అది కూడా వద్దు.

ఇంట్లో ఏం చేసినా, పెదవి ఎత్తి చిగురు మీద వేలు పెట్టి చూడ్డం నేర్చుకోండి. జారుగా, తడిగా ఉండాలి. వేలికి జిగటగా అంటుకుంటే ఒంట్లో నీళ్ళు తగ్గాయని అర్థం. వీపు మీద చర్మం పట్టి వదిలితే వెంటనే సర్దుకోవాలి, అలాగే గుడారంలా నిలబడితే మంచిది కాదు. ముసలి కుక్కల్లో చర్మం ఎలాగూ సడలి ఉంటుంది కాబట్టి చిగురే నమ్మకం. నాలుగు కిలోల కుక్కకి వాంతులు, విరేచనాలు ఉండి నీళ్ళు ముట్టకపోతే మర్నాటిదాకా చూడొద్దు, ఆ పూటే తీసుకెళ్ళండి. మూత్రం అసలు రాకపోయినా, రక్తం కనబడినా అంతే. ఎండలో ఆగకుండా రొప్పుతూ తూలుతుంటే ఒళ్ళు మామూలు నీళ్ళతో తడుపుతూ ఆస్పత్రికి బయల్దేరాలి. చప్పిడి మూతి కుక్కలకి వడదెబ్బ ఇంకా తొందరగా తగులుతుంది.

ఎదురు సమస్య కూడా ఉంది. కిలోకి 100 మిల్లీలీటర్లు దాటి తాగుతుంటే సంతోషపడొద్దు. షుగరు, కిడ్నీ జబ్బు, ఆపరేషన్ చేయించని ఆడకుక్కల్లో గర్భసంచిలో చీము, ఇలాంటివి అలాగే మొదలవుతాయి.

జున్నుకి నెల తర్వాత మళ్ళీ పరీక్ష చేయిస్తే స్ఫటికాలు లేవన్నారు. ఇప్పుడు ఒక పూట నానబెట్టిన డ్రై ఫుడ్, ఒక పూట అత్తయ్య పెరుగన్నం.

మీదాని మెడలో మువ్వో, బిళ్ళో ఉందేమో ముందు చూడండి. ఏం తింటోందో, రోజుకి ఎన్నిసార్లు మూత్రం పోస్తోందో రాస్తే నాకు తోచింది చెప్తాను.