పాత కంప్యూటర్ల మధ్య తెలుగు సందేశాలు: మేనల్లుడికి ఒక ఉత్తరం

పర్లాకిమిడి

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. గుణుపురంలో నీవూ, నీ ఒడియా స్నేహితుడూ కలిసి రెండు పాత 386 కంప్యూటర్లను బాగుచేసుకుని, వాటిని సీరియల్ తీగతో కలిపి, తెలుగులోనూ ఒడియాలోనూ సందేశాలు పంపుకునే ప్రోగ్రాం రాస్తున్నారని చదివి ఎంతో సంతోషించాను. ఇంగ్లీషులో పంపిన ప్రతి మాటా చక్కగా చేరుతోందనీ, తెలుగు మాత్రం కొన్ని రోజులు పిచ్చి రాతలుగా మారుతోందనీ, ఒక్కోసారి రెండు యంత్రాలూ ఉలుకూ పలుకూ లేకుండా ఆగిపోతున్నాయనీ, అందుచేత ప్రోగ్రాం అంతా మొదటి నుంచి తిరగరాయాలని అనుకుంటున్నారనీ రాశావు. దయచేసి ఆ పని చేయవద్దు. తీగలో నిజంగా ఏ బైట్లు, అంటే అక్షరాలకు బదులుగా వెళ్ళే 0 నుంచి 255 వరకు ఉండే సంఖ్యలు, నడుస్తున్నాయో కళ్ళారా చూడకుండా ప్రోగ్రాం మీద చెయ్యి వేస్తే, ఉన్న తప్పు అలాగే ఉండి దానికి తోడు కొత్త తప్పులు వచ్చి చేరతాయి. నేను ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం ఈ ఒక్క మాట నీకు గట్టిగా చెప్పడమే.

ముందు తీగ సంగతి. 9 పిన్నుల కనెక్టర్‌లో కంప్యూటర్ పంపే పిన్ను 3, అందుకునే పిన్ను 2, గ్రౌండ్ 5. 25 పిన్నుల దానిలో పంపేది 2, అందుకునేది 3, గ్రౌండ్ 7. నీ యంత్రాల్లో ఒకదానికి 9, రెండో దానికి 25 ఉన్నాయన్నావు కనుక ఇక్కడ పొరపాటు పడడం చాలా సులువు. పుస్తకంలోని బొమ్మను నమ్మడం కన్నా మల్టీమీటర్‌ను నమ్ము. తీగ తీసేసి, ఖాళీగా ఉన్న పోర్ట్‌లో గ్రౌండ్‌కూ ఒక్కొక్క పిన్నుకూ మధ్య వోల్టేజి కొలిస్తే, పంపే పిన్ను దగ్గర మైనస్ 10 వోల్టుల పరిసరాల్లో కనిపిస్తుంది, అందుకునే పిన్ను దగ్గర దాదాపు సున్నా ఉంటుంది. తీగ పొడవు 15 మీటర్లు దాటనివ్వకండి. ఒక ఇంటి నుంచి మరో ఇంటికి అసలే లాగవద్దు. మన వైపు వేసవి గాలివానల్లో పిడుగు ఎక్కడో దూరంగా పడినా, రెండు ఇళ్ళ ఎర్తింగుల మధ్య తేడా వల్ల పోర్ట్ చిప్పులు మాడిపోతాయి.

ఇక పిచ్చి రాతల విషయం. మీరు అక్షరాలను భారతీయ అక్షరాలకు సంఖ్యలు కేటాయించే ఇస్కీ పట్టిక ప్రకారం, అంటే 1991 నాటి ఐ.ఎస్. 13194 ప్రమాణం ప్రకారం దాచుకుంటున్నారు. అందులో మన అక్షరాలన్నీ 160కి పైనే ఉంటాయి: క 179, ఖ 180, గ 181, అలా. కాబట్టి ప్రతి తెలుగు అక్షరానికీ ఎనిమిదో బిట్, అంటే బైట్‌లో 128 విలువ మోసే ముక్క, తప్పనిసరిగా కావాలి. ఇంగ్లీషు అక్షరాలకు దానితో పనే లేదు. మీ యంత్రాలను నడిపే డాస్‌లో, సీరియల్ పోర్ట్ అమరికలు చెప్పే మోడ్ కమాండ్‌కు వేగం ఒక్కటే చెప్పి ఊరుకుంటే, అది 7 బిట్లు, ఈవెన్ పారిటీ (తప్పు పట్టడానికి కలిపే అదనపు బిట్) అని తనంతట తానే నిర్ణయించుకుంటుంది. రెండు వైపులా అలాగే పెట్టి ఉంటే ఇంగ్లీషు ఒక్క అక్షరం కూడా తప్పకుండా చేరుతుంది, తెలుగులో మాత్రం ప్రతి అక్షరం నుంచీ 128 రాలిపోతుంది. «గంగ» అని పంపి చూడు. అవతల తెర మీద 5"5 అని కనిపిస్తే ఎనిమిదో బిట్ తీగ మీదే పోయిందని అర్థం, ఎందుకంటే 181లో 128 తీసేస్తే 53, అది అంకె 5; మధ్యలోని సున్నా (ం) 162, అందులో 128 పోతే 34, అది ఉల్లేఖన చిహ్నం. అలా కాక, మామూలు డాస్ తెర మీద నిలువు గీతలూ, పట్టికలు గీసే ముక్కలూ కనిపిస్తే బైట్లు క్షేమంగా చేరాయన్నమాట; మీ అక్షరాలను తెర మీద గీసే భాగం ఒక్కటే పనిచేయలేదు. ఈ రెండు లక్షణాలనూ విడివిడిగా గుర్తుపట్టడం నేర్చుకుంటే మీకు నెలల శ్రమ తప్పుతుంది. వేగంతోపాటు పారిటీ లేదనీ, 8 బిట్లనీ, ఒక స్టాప్ బిట్ అనీ ప్రతిసారీ స్పష్టంగా చెప్పండి. ఇకమీదట పరీక్ష కోసం ఇంగ్లీషు మాట ఒక్కటి కూడా పంపవద్దు.

రెండు యంత్రాలూ ఆగిపోవడం గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే అది నన్ను కూడా మూడు వారాలు నిద్రపోనివ్వలేదు. 1990ల మధ్యలో నేను పనిచేసిన కార్యాలయంలో రెండు గదుల మధ్య ఇలాంటిదే ఒక ప్రోగ్రాం రాశాను. ముందు సందేశం పొడవును ఒక బైట్‌గా పంపి, తరువాత అక్షరాలు పంపేవాణ్ణి. బైట్లు రావడం ఆగగానే అవతలి యంత్రం అందిందని జవాబు పంపేది. అంతా బాగానే నడిచేది కానీ, నేను «రేపు పొద్దున్న రండి» అని పంపిన ప్రతిసారీ లైను బిగుసుకుపోయేది. నాతో పనిచేసే ఆయన అదే మాటను «రేపు పొద్దున రండి» అని రాసేవారు; అప్పుడు లైను ఆగేది కాదు, కానీ ఆ సందేశం కనిపించేది కాదు, దాని వెనుక పంపినవి కూడా మాయమయ్యేవి. ఒక్క నకారపు వత్తుతో యంత్రం నడత మారిపోవడం చూసి నాకు మతిపోయింది. చివరికి ఒక రాత్రి కాగితం మీద బైట్లు లెక్కపెట్టాను. పొల్లు కూడా ఒక బైటే కనుక మొదటి వాక్యం సరిగ్గా 19 బైట్లు, రెండోది 17.

సీరియల్ లైన్ల మీద 19 అంటే ఎక్స్‌ఆఫ్, అంటే «పంపడం ఆపు» అన్న ఆజ్ఞ. 17 అంటే ఎక్స్‌ఆన్, «మళ్ళీ పంపు» అన్న ఆజ్ఞ. అవతలి పోర్ట్‌ను నడిపే ప్రోగ్రాం, అంటే డ్రైవర్, నా పొడవు బైట్‌ను ఆజ్ఞగా తీసుకుని మింగేస్తోంది. 19 వచ్చినప్పుడు అది జవాబు పంపడం మానేస్తోంది, నా యంత్రం ఆ జవాబు కోసం కాచుకుని కూర్చుంటోంది. 17 వచ్చినప్పుడు ఎవరూ ఆగడం లేదు, కానీ పొడవు బైట్ పోయింది కనుక మొదటి అక్షరమైన «ర»ను, అంటే 207ను, పొడవు అనుకుని, 207 బైట్లు నిండేదాకా వచ్చిన సందేశాలన్నిటినీ పోగుచేసుకుంటూ పోతోంది. మీ ప్రోగ్రాంలో కూడా పొడవు మొదటి బైట్‌గానే వెళుతోందని రాశావు. ఆగిపోయిన సందేశాలను వెతికి లెక్కపెట్టు. వాటిలో 19 బైట్లవే ఉంటాయని నా గట్టి నమ్మకం.

దీనికి తీగ వైపు నుంచి ఒక పరిష్కారం ఉంది: ఆర్‌టిఎస్, సిటిఎస్ అనే, పంపవచ్చో లేదో తెలిపే తీగలను కూడా కలిపి, ఆపడం, పంపడం ఆ తీగల ద్వారానే జరిగేలా చేసి, ఎక్స్‌ఆన్, ఎక్స్‌ఆఫ్‌లను డ్రైవర్‌లో పూర్తిగా తీసేయడం. కానీ నాకు నచ్చినది 1981లో కొలంబియా విశ్వవిద్యాలయంలో పుట్టిన, కంప్యూటర్ల మధ్య ఫైళ్ళు పంపే కెర్మిట్ పద్ధతి. అందులో పొడవుకు 32 కలిపి పంపుతారు. అప్పుడు 19 కాస్తా 51 అవుతుంది, అది ఒక మామూలు అంకె 3, దాన్ని ఏ డ్రైవరూ ఆజ్ఞ అనుకోదు. దీనివల్ల ఒక్కో ముక్క 94 బైట్లకు మించకూడదు. పెద్ద సందేశాన్ని ముక్కలు చేయండి. సందేశం సరిగా చేరిందో లేదో చూడడానికి చివర పంపే చెక్‌సమ్ బైట్‌ను కూడా మరచిపోవద్దు, అది కూడా అప్పుడప్పుడు 17 గానో 19 గానో పడుతుంది. సగటున 128 సందేశాలకు ఒకసారి మాత్రమే జరిగే ఆ తప్పును పట్టుకోవడం అన్నిటికన్నా కష్టం.

నీ స్నేహితుడి ఒడియా సందేశాలు నీ తెర మీద తెలుగు లిపిలో కనిపించడం నిజానికి తప్పు కాదు. ఇస్కీలో భారతీయ లిపులన్నిటికీ అవే సంఖ్యలు; మన «క»కూ వారి «క»కూ 179 ఒక్కటే. ఏ లిపిలో చూపాలో చెప్పడానికి 239 అనే బైట్ ఉంది: దాని వెనుక 69 వస్తే తెలుగు, 71 వస్తే ఒడియా. ప్రతి సందేశానికీ ముందు ఆ రెండు బైట్లూ పెట్టండి. అయితే పొడవు సంగతి సరిచేయకముందే వీటిని చేర్చితే «పొద్దున్న» 21కి జరిగి చక్కగా వెళుతుంది, «పొద్దున» 19కి వచ్చి లైనును ఆపేస్తుంది, తప్పు తీరిపోయిందని మీరు మోసపోతారు. అందుకే ఒకసారికి ఒక్క మార్పే చేసి, తేదీతో సహా నోట్‌బుక్‌లో రాసుకోండి.

బైట్లను చూడడానికి మూడో యంత్రం ఏదైనా సంపాదించండి, ఎంత పాతదైనా పరవాలేదు. దాని అందుకునే పిన్నును మీ తీగలో ఒక దిక్కుకు, గ్రౌండ్‌ను గ్రౌండ్‌కు కలిపి, పంపే పిన్నును దేనికీ తగిలించకుండా వదిలేస్తే అది వింటూ మాత్రమే ఉంటుంది. ఎక్స్‌ఆన్, ఎక్స్‌ఆఫ్‌లను పట్టించుకోకుండా, వచ్చిన ప్రతి బైట్‌నూ సంఖ్యగా తెర మీద వేసే చిన్న ప్రోగ్రాం దానికి చాలు. నాకు ఆ రోజుల్లో ఇలాంటి యంత్రం ఒకటి ఉండి ఉంటే ఆ మూడు వారాలు ఒక్క పూటలో గడిచేవి.

మధ్యలో ఒకటి రెండు అక్షరాలే పోతుంటే అది వేరే సంగతి. 9600 వేగంలో, అంటే సెకనుకు 9600 బిట్లు, ఒక్కో బైట్‌కు 10 బిట్ల లెక్కన, సెకనుకు 960 బైట్లు వస్తాయి. సీరియల్ పోర్ట్‌ను నడిపే పాత 8250 చిప్పు అందుకున్న బైట్లలో ఒక్కదాన్నే పట్టి ఉంచగలదు, కనుక డిస్క్ మీద రాస్తున్నంత సేపు వచ్చినవి పోతాయి. 16550ఏ చిప్పు 16 బైట్లు దాచుకుంటుంది. అది దొరికేదాకా 1200 వేగంలోనే నడపండి. మదర్‌బోర్డు మీద గొట్టంలాంటి బ్యాటరీ ఉంటే అది కారి బోర్డును తినేయకముందే ఊడదీయండి.

సంక్రాంతికి గుణుపురం వస్తాను. నా దగ్గరున్న 16550ఏ కార్డు తెస్తాను. ఈలోగా పొడవుకు 32 కలిపే మార్పు ఒక్కటే చేసి, 1 నుంచి 94 వరకు ప్రతి పొడవుకూ ఒక తెలుగు సందేశం రెండు దిక్కులా పంపి, ఏ పొడవు దగ్గర ఏమి జరిగిందో పట్టికగా రాసి ఉంచు. అమ్మను అడిగినట్లు చెప్పు.

ఆశీస్సులతో,
మీ మావయ్య